మూలనపడిన చిన్న ట్రాక్టరు

శ్రోతలకు నమస్కారం. ఏళ్ల తరబడి కదలకుండా పడి ఉన్న ఒక పాత చిన్న ట్రాక్టరును ఇంటి షెడ్డులోనే బాగుచేసుకోవడం గురించి ఈ రోజు మాట్లాడుకుందాం. చిన్న ట్రాక్టరు అని నేను అంటున్నది సుమారు 15 నుంచి 25 అశ్వశక్తి గల, రెండు లేదా మూడు సిలిండర్ల డీజిల్ ఇంజనుతో నడిచే బండిని. ఓపికా, కొద్దిపాటి పనిముట్లూ ఉన్న మనిషి ఒంటిచేత్తో చాలావరకు విప్పి బిగించగల యంత్రం ఇది.

ఇలాంటి బండి ఇంటికి చేరగానే బ్యాటరీ పెట్టి తాళం తిప్పడం, అది పలకకపోతే మరో బండికి కట్టి లాగించడం చాలామంది చేసే పని. ఈ తొందర వల్ల బాగుపడవలసిన ఇంజన్లు పూర్తిగా పాడైపోవడం నేను చూశాను. నా అనుభవంలో పాత ట్రాక్టరును దెబ్బతీసేది అది చేసిన చాకిరీ కంటే, ఆ తరువాత ఊరికే నిలబడిన కాలంలో లోపలికి చేరిన నీరు. అది ఏ దారిన వచ్చిందో కనిపెట్టగలిగితే మరమ్మతులో సగం తెలిసినట్టే.

నేను చేపట్టిన ట్రాక్టరుకు సైలెన్సరు గొట్టం నిటారుగా పైకి ఉంది, దానికి మూత లేదు. మూడు సిలిండర్ల ఇంజను ఆగినప్పుడు ఏదో ఒక సిలిండరులో పొగ బయటికి పోయే వాల్వు కొద్దో గొప్పో తెరుచుకుని ఉండడం సాధారణం. వాన నీరు ఆ గొట్టంలో దిగి, తెరిచి ఉన్న వాల్వు గుండా నడిమి సిలిండరులో చేరింది. పిస్టన్ రింగులు తుప్పుతో గోడకు అతుక్కుపోయాయి. ఇంజను పట్టేసింది.

పట్టేసిన ఇంజనును బలప్రయోగంతో తిప్పితే రింగులు విరగవచ్చు, కనెక్టింగ్ రాడ్డు వంగవచ్చు. నేను సిలిండర్లలోకి డీజిల్ చిమ్మే నాజిళ్లు విప్పి, ఆ రంధ్రాల గుండా ప్రతి సిలిండరులోనూ తుప్పు వదిలించే నూనె పోసి వదిలేశాను. రోజుకు ఒకసారి ఇంజను ముందున్న పుల్లీ నట్టుకు పొడవాటి పానా తగిలించి, అటు కొంచెం, ఇటు కొంచెం, చేతి బరువు మాత్రమే వేసి ఊపాను. ఐదు రోజులు కొండను నెట్టినట్టే ఉంది. ఆరవ రోజు సాయంత్రం పానా గోరంత కదిలింది, లోపలి నుంచి సన్నని కిర్రుమన్న చప్పుడు వచ్చింది. అక్కడితో ఆపి, మళ్లీ నూనె పోశాను. మరో రెండు రోజులకు ఇంజను పూర్తి చుట్టు తిరిగింది.

తిరిగింది కదా అని హెడ్డు, అంటే సిలిండర్ల పైమూత, విప్పకుండా వదిలేయకూడదు. విప్పి చూస్తే నీరు నిలిచిన చోట సిలిండరు గోడ మీద గోధుమ రంగు వలయం కనిపించింది. దాని మీద వేలి గోరు నిలువుగా గీసి చూడాలి. గోరు జారిపోతే హోనింగ్‌తో, అంటే గోడను రాతితో సన్నగా రుద్దడంతో, కొత్త రింగులతో సరిపోవచ్చు. గోరు తట్టుకుంటే సిలిండరు గోడగా ఉండే గొట్టం, అంటే లైనరు, సంగతి చూడక తప్పదు. నాది మొదటి రకం. తిరిగి బిగించేటప్పుడు సందు మూసే కొత్త గాస్కెట్ వేసి, హెడ్డు బోల్టులను మధ్య నుంచి అంచులకు, రెండు మూడు విడతలుగా, బిగింపు బలాన్ని కొలిచి చూపే టార్క్ రెంచితో, ఆ మోడలు పుస్తకంలో చెప్పిన లెక్క ప్రకారమే బిగించాలి.

ఇక డీజిల్ ట్యాంకు. సగం ఖాళీగా ఉన్న ట్యాంకులోని గాలి రాత్రి చల్లబడినప్పుడల్లా తేమ బొట్లుగా మారి అడుగుకు చేరుతుంది, ఎందుకంటే నీటి కంటే డీజిల్ తేలిక. ఆ రెండూ కలిసే పొరలో సూక్ష్మజీవులు పెరిగి నల్లటి జిగురు తయారవుతుంది. నేను ట్యాంకును దించి, గుప్పెడు నట్లు, కాస్త డీజిల్ వేసి గిలకరించినప్పుడు బయటికి వచ్చింది ఆ జిగురే.

శుభ్రం చేసి, ఫిల్టరు మార్చిన తరువాత గొట్టాల్లో చిక్కిన గాలిని తీయాలి. డీజిల్ ఇంజనుకు స్పార్క్ ప్లగ్గు ఉండదు. పిస్టన్ గాలిని దాదాపు ఇరవయ్యో వంతుకు నొక్కితే పుట్టే వేడికే డీజిల్ అంటుకుంటుంది. డీజిల్‌ను నెట్టే పంపు ఇచ్చే ఒత్తిడి నాజిలును తెరవాలి కాబట్టి దారిలో చిన్న గాలి బుడగ ఉన్నా అది నలిగి సర్దుకుంటుందే తప్ప నాజిలు తెరుచుకోదు. ముందు ఫిల్టరు మీది స్క్రూ, తరువాత పంపు మీదిది, చివరికి నాజిళ్ల దగ్గరి నట్లు, ఈ వరుసలో వదులు చేస్తూ పోవాలి. మొదట నురగ వస్తుంది, తరువాత ఒక్కొక్క బుడగ, ఆపైన గాజులా తేటగా డీజిల్. అప్పుడు బిగించాలి. ఇక్కడ ఒక హెచ్చరిక తప్పనిసరి. నాజిలు నుంచి డీజిల్ చదరపు సెంటీమీటరుకు 100 కిలోలకు పైబడిన ఒత్తిడితో చిమ్ముతుంది. ఆ తుంపరకు చెయ్యి అడ్డం పెడితే చర్మం చీల్చుకుని లోపలికి పోతుంది. గాయం సూది గుచ్చినంతే కనిపించినా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

గేర్‌బాక్సు నూనె పాలు కలిపిన టీ రంగులో ఉంటే అక్కడికీ నీరు చేరినట్టే. నా బండిలో గేరు రాడ్డు చుట్టూ ఉన్న రబ్బరు తొడుగు చిరిగిపోయింది, నీరు అక్కడినుంచే దిగింది. చిన్న ట్రాక్టర్లలో చాలావాటికి, వెనుక పనిముట్లను నూనె ఒత్తిడితో ఎత్తి దించే హైడ్రాలిక్ లిఫ్టు కూడా ఇదే నూనెను వాడుకుంటుంది కనుక నిర్లక్ష్యం చేస్తే రెండూ చెడతాయి. ట్రాక్టర్ల రూపకర్త హ్యారీ ఫెర్గూసన్, పనిముట్టును మూడు చోట్ల తగిలించే మూడు బిందువుల అమరికతో పనిముట్టును ట్రాక్టరులో ఒక భాగంగా మార్చినప్పటి నుంచి ఈ లిఫ్టే ట్రాక్టరుకు చేయి. 1946లో వచ్చిన ఆయన టీఈ20 ట్రాక్టరులో కనిపించే ఆ అమరికే నేటి చిన్న ట్రాక్టర్లలోనూ ఉంది.

క్లచ్ ప్లేటు తుప్పుతో ఫ్లైవీలుకు, అంటే ఇంజను వెనుక తిరిగే బరువైన చక్రానికి, అతుక్కుంటే బండిని నడుము దగ్గర రెండుగా విడదీయవలసి వస్తుంది, ఎందుకంటే ఇలాంటి చాలా బండ్లకు ఇంజను, గేర్‌బాక్సే చట్రం. ముందు ఇరుసు మధ్యలో ఒకే పిన్ను మీద ఊగుతుంది. విడదీసిన క్షణంలో ఇంజను పక్కకు ఒరిగిపోకుండా ఇరుసుకూ పైనున్న దిమ్మకూ మధ్య రెండు వైపులా ఏటవాలుగా చెక్కిన చెక్క ముక్కలు దిగగొట్టాలి. బరువు ఎప్పుడూ జాకీ మీద ఆనకూడదు, గట్టి స్టాండ్ల మీద ఉండాలి. పాత బేరింగుల అంచు మీద ఉండే అంకెను తుడిచి రాసుకుంటే కొత్తవి వెతకడం సులువు. 6205 అని ఉంటే లోపలి కొలత 25 మిల్లీమీటర్లు, బయటి కొలత 52, మందం 15.

స్టార్టరు పలకనప్పుడు నేల మీద నిలబడి స్క్రూడ్రైవరుతో దాని టెర్మినళ్లను కలిపే అలవాటును దయచేసి మానండి. గేరులో ఉన్న బండి మనిషి మీదికి ఎక్కేది అలాగే. బోల్తా పడినప్పుడు మనిషిని కాపాడే రక్షక చట్రం సీటు వెనుక లేని బండికి అది బిగించుకోవడం రంగు వేయడం కంటే ముందు పని. స్వీడన్ దేశం కొత్త ట్రాక్టర్లకు దానిని 1959లోనే తప్పనిసరి చేసింది.

ఏళ్ల తరువాత మొదటిసారి స్టార్టు చేసేటప్పుడు గాలి పీల్చే గొట్టం పక్కన ఒక చదునైన చెక్కపలక పెట్టుకున్నాను. పంపు లోపల డీజిల్ మోతాదును అదుపు చేసే రాడ్డు ఇరుక్కుంటే ఇంజను అదుపు తప్పి వేగం పెరుగుతుంది, అప్పుడు గాలి మూసేయడమే దారి. ఆ పలక అవసరం రాలేదు. మొదట తెల్లటి పొగ, తరువాత ఒక సిలిండరు, కాసేపటికి రెండవది, చివరికి మూడూ కలిసి ఒకే లయలో పలికాయి. పది నిమిషాలు నిలబడి విన్నాను. ఇంజను ఆపి, వేడి తగ్గిన తరువాత సైలెన్సరు గొట్టానికి రేకుతో ఒక మూత చేసి తగిలించాను.