గోల్డ్‌ఫిష్ ఒంటి మీద గడ్డా, పుండా, పురుగా? మందుకి ముందు ఇది చూడండి

[తెర మీద: గాజు తొట్టిలో నారింజ రంగు ఒరాండా. కెమెరా నెమ్మదిగా చేప పక్క భాగానికి వస్తుంది.]

గోల్డ్‌ఫిష్ ఒంటి మీద ఏదన్నా కనబడగానే చాలామంది అక్వేరియం షాపుకి పరిగెత్తి, "అన్నా, చేపకి మచ్చొచ్చింది, మందియ్యి" అంటారు. షాపాయన నీలం మందు సీసా ఒకటి చేతిలో పెడతాడు. చాలాసార్లు అందులో ఉండేది మిథిలీన్ బ్లూ. బూజుకి అది మంచి మందే. కానీ గడ్డని కరిగించదు, లోతైన పుండుని మాన్పదు, పైగా ఫిల్టర్లో ఉన్న మంచి బ్యాక్టీరియాని దెబ్బతీస్తుంది. ఏ మచ్చో తెలియకుండా ఏ మందు వేసినా ఇదే తంతు.

ముందు తొట్టి లైటు ఆపండి. సెల్‌ఫోన్ టార్చి పక్క నుంచి వెయ్యండి, ఎదురుగా వద్దు. పక్క వెలుతురులో ఉబ్బుకి నీడ పడుతుంది, ఉత్త రంగు మచ్చకి పడదు. పొలుసు ఊడిందా, లేచిందా, మధ్యలో నుంచి దారంలాంటిదేమైనా వేలాడుతోందా అన్నది అప్పుడే తెలుస్తుంది.

[తెర మీద: మగ చేప మొప్ప మూత, దగ్గరి షాట్.]

జబ్బు కానివి కొన్ని ఉన్నాయి. మొప్పల మూత మీద, ఛాతీ రెక్క ముందు అంచు వెంట వరసగా తెల్ల చుక్కలుంటే అది మగ చేప, ఎదకొచ్చిందని అర్థం. ఒరాండా, రాంచు, లయన్‌హెడ్ జాతులకి తల మీద కండలు పెరగడం సహజం. ఇక ఉన్నట్టుండి నల్ల మచ్చలు వస్తే టెన్షన్ పడకండి. దెబ్బతిన్న చర్మం మానేటప్పుడు కూడా అలా నల్లబడుతుంది. అయితే ఆ దెబ్బ దేనివల్ల తగిలిందో చూసుకోవాలి. చాలాసార్లు అది నీళ్ళలోని అమ్మోనియా.

ఒళ్ళంతా, తోక మీద కూడా, ఉప్మా రవ్వ చల్లినట్టు తెల్లచుక్కలుంటే అది ఇక్. చేప గులకరాళ్ళకి ఒళ్ళు రుద్దుకుంటూ ఉంటుంది. ఈ పరాన్నజీవి చర్మం కింద ఉన్నంతసేపూ మందు దాన్ని తాకదు. అది రాలి అడుక్కి చేరి, వందల పిల్లలుగా విడిపోయి, ఇంకో చేప కోసం ఈదే సమయంలోనే చస్తుంది. అందుకే చుక్కలు పోయాక కూడా వారం రోజులు వైద్యం ఆపకూడదు. నీళ్ళు 30 డిగ్రీలు దాటితే ఇక్ సాధారణంగా నిలవలేదు కాబట్టి మన మే నెల ఎండల్లో దీని బెడద తక్కువ. ఈశాన్య రుతుపవనాల వానలకి నీళ్ళు చల్లబడిన తర్వాత, సరిగ్గా అప్పుడే కొత్త చేపని తెచ్చి తొట్టిలో వదిలారా, దిగబడుతుంది.

[తెర మీద: చేప వీపు మీద సన్నటి దారం, మొదట్లో ఎర్రటి ఉబ్బు.]

ఇదిగో, దీన్ని చూసి గడ్డ అనుకుంటారు. యాంకర్ వర్మ్ అంటారు గానీ ఇది పురుగు కాదు, రొయ్య చుట్టం. తల కండలో దిగేసుకుని ఒళ్ళు బయట వేలాడేస్తుంది. చివర రెండు పాయలుగా కనిపించేవి గుడ్ల సంచులు. గుండ్రంగా, పలచగా, గాజుబిళ్ళలా అతుక్కుని అటూ ఇటూ పాకేది ఆర్గులస్, అంటే చేప పేను. చెరువుల్లో బొచ్చె, రోహు పెంచే రైతుకి దీని సంగతి చెప్పనక్కర్లేదు.

యాంకర్ వర్మ్‌ని పట్టకారుతో తియ్యొచ్చు. చేపని తడిగుడ్డలో పట్టుకుని, పురుగుని చర్మానికి వీలైనంత దగ్గరగా పట్టి మెల్లగా లాగాలి. తల తెగి లోపలుండిపోతే అక్కడ చీము పడుతుంది. తీసిన చోట పొవిడోన్ అయోడిన్‌ని ఇయర్‌బడ్‌తో అద్దండి. కంటికీ మొప్పకీ తగలనివ్వద్దు. ఇదంతా నిమిషంలోపు అయిపోవాలి. నీళ్ళలో కంటికి కనపడని పిల్లలు మిగిలే ఉంటాయి, వాటికి ఉప్పు చాలదు. యాంకర్ వర్మ్‌కని అమ్మే మందే వెయ్యాలి.

ఇక అసలు గడ్డలు. గోల్డ్‌ఫిష్‌కి చర్మం కింద కణితులు రావడం మామూలే. నెమ్మదిగా పెరుగుతాయి, పక్క చేపకి అంటవు, ఏ నీలం సీసాకీ కరగవు. చేప మేత తింటూ, ఈదుతూ, గడ్డ చిట్లకుండా ఉంటే దాని మానాన దాన్ని వదిలెయ్యడమే మంచిదని నా అభిప్రాయం. కంటికో నోటికో అడ్డమొస్తే మత్తిచ్చి కోసి తీసే డాక్టర్లు ఉన్నారు. ఇంట్లో బ్లేడుతో ప్రయోగాలు మాత్రం చెయ్యకండి, దండం పెడతా.

[తెర మీద: పొలుసులు ఊడి, చుట్టూ ఎర్రగా, మధ్యలో తెల్లగా ఉన్న పుండు.]

పుండుతోనే భయం. నెల్లూరు వేదాయపాళెంలో ఒకరింట్లో తీసిన చేప ఇది. "వాన్లప్పుడు కరెంటు పోయిందన్నా, రెండ్రోజులకి ఇట్టా ఎర్రగా వచ్చింది, ఏం మందెయ్యాల?" అని వాళ్ళ పిల్లకాయలు అడిగారు. కరెంటు పోతే ఫిల్టర్ ఆగుతుంది. గంటల తరబడి నీళ్ళు కదలకపోతే ఫిల్టర్లోని బ్యాక్టీరియాకి ఆక్సిజన్ అందక చస్తుంది. చేప విడిచే అమ్మోనియాని తినేవాళ్ళే ఉండరు. కరెంటొచ్చాక ఆ కుళ్ళంతా ఒక్కసారిగా తొట్టిలోకి. పీహెచ్ 8 దాటిన బోరు నీళ్ళయితే అమ్మోనియా విషం ఇంకా పెరుగుతుంది. చేప ఒంటి జిగురు దెబ్బతింటుంది. మామూలుగా నీళ్ళలో ఉండే ఏరోమోనాస్ లాంటి బ్యాక్టీరియా ఆ సందులోంచి లోపలికి దూరుతుంది.

కాబట్టి పుండుకి మొదటి మందు నీళ్ళు. అమ్మోనియా, దాన్నుంచి బ్యాక్టీరియా తయారుచేసే నైట్రైట్, రెండూ సున్నా ఉండాలి. టెస్ట్ కిట్ లేకపోతే మన జిల్లాలో దిగులే లేదు. రొయ్యల రైతుల కోసం పెట్టిన ఆక్వా ల్యాబులున్నాయి కదా, సీసాలో నీళ్ళు పట్టుకెళ్ళి చూపించండి. వాళ్ళ దగ్గర మైక్రోస్కోపు కూడా ఉంటుంది. రోజూ పావు వంతు నీళ్ళు మార్చండి. మున్సిపాలిటీ నీళ్ళయితే క్లోరిన్ పోయేలా ఒక రోజు బక్కెట్లో ఎయిర్ పంపు పెట్టి ఉంచాలి. ఫిల్టర్ స్పాంజీని కుళాయి కింద కాదు, తొట్టిలోంచి తీసిన నీళ్ళలోనే పిండండి.

రెండోది ఉప్పు. చేప రక్తం మంచినీళ్ళ కంటే ఉప్పన. అందుకే నీళ్ళు ఎప్పుడూ దాని ఒంట్లోకి చొరబడాలని చూస్తుంటాయి, చర్మం అడ్డుకుంటుంది. పుండు పడ్డ చోట ఆ అడ్డు ఉండదు. లోపలికొచ్చిన నీళ్ళని బయటికి పంపడానికి మూత్రపిండాలు రాత్రీ పగలూ పనిచెయ్యాలి. బయటి నీళ్ళలో కాస్త ఉప్పు ఉంటే ఆ భారం తగ్గుతుంది, ఒంట్లో ఉన్న శక్తి పుండు మానడానికి మిగులుతుంది. ఉప్పు వేసేది ఇందుకు. బ్యాక్టీరియాని చంపుతుందని కాదు.

[తెర మీద: ప్లాస్టిక్ టబ్బు, తూకం, రాళ్ళ ఉప్పు.]

చేపని 50 లీటర్ల ప్లాస్టిక్ టబ్బులోకి మార్చండి, ఎయిర్ పంపు పెట్టండి. తొట్టిలో వేస్తే మొక్కలు పోతాయి. లీటరుకి 3 గ్రాముల లెక్కన మొత్తం 150 గ్రాములు కావాలి. ఒక్కసారి కుమ్మరించకండి. 50 గ్రాములు మగ్గు నీళ్ళలో కరిగించి పోసి, 12 గంటలు ఆగి ఇంకో 50, మళ్ళీ 12 గంటలకి మిగతాది. సముద్రం పక్కనున్న జిల్లా మనది, రాళ్ళ ఉప్పుకి కరువు లేదు. ఏమీ కలపని ఉప్పయితే చాలు. ఉప్పు ఆవిరైపోదు. 10 లీటర్లు తీసి కొత్త నీళ్ళు పోస్తే, ఆ పదికి సరిపడా 30 గ్రాములే వెయ్యాలి. ఇక్కడే చాలామంది మళ్ళీ 150 వేసేస్తారు.

ఇంకో మాట. అమ్మోనియా లాగుతుందని రొయ్యల షాపులో జియోలైట్ అనే ఖనిజం తెచ్చి వేస్తారు కొందరు. మంచినీళ్ళలో లాగుతుంది, నిజమే. ఉప్పు పడగానే పట్టుకున్న అమ్మోనియాని తిరిగి వదిలేస్తుంది. రెండూ కలిపి వాడొద్దు.

పొటాషియం పర్మాంగనేట్ జోలికి కూడా పోకండి. చెరువుల్లో లీటరుకి 2 మిల్లీగ్రాముల లెక్కన వాడతారు. అదే లెక్క 50 లీటర్లకి పదో వంతు గ్రాము. మన వంటింటి తూకం దాన్ని చూపించదు, కాస్త ఎక్కువైతే మొప్పలు కాలిపోతాయి.

పుండు లోతుగా ఉండి కండ కనిపిస్తున్నా, పొలుసులన్నీ లేచి నిలబడి పొట్ట ఉబ్బినా, ఇంటి వైద్యం ఆపి డాక్టరుని అడగండి. ఒంగోలు గిత్తలకి సూదులేసే డాక్టర్లు కావలసినంత మంది ఉన్నారు గానీ చేపని చూసేవాళ్ళు తక్కువ. నెల్లూరు జిల్లాలో ముత్తుకూరు ఫిషరీస్ కాలేజీ ఉంది, అక్కడ విచారించొచ్చు. యాంటిబయాటిక్ అవసరమైతే మేతలో కలిపి ఇవ్వడం నీళ్ళలో పొయ్యడం కంటే బాగా పనిచేస్తుంది. ఏది, ఎంత, ఎన్ని రోజులన్నది డాక్టరే చెప్పాలి. రొయ్యల ఎగుమతిలో యాంటిబయాటిక్ గొడవలు విన్న ఊళ్ళవాళ్ళం, మనకి తెలియనిది కాదు.

పుండు మానుతుంటే ముందు చుట్టూ ఎరుపు తగ్గుతుంది, అంచుల నుంచి తెల్లటి పలచ చర్మం లోపలికి పాకుతుంది. దాన్ని బూజనుకుని గీకేస్తారు, గీకకండి. బూజయితే దూదిలా పైకి లేచి నీళ్ళలో ఊగుతుంది. చర్మం పూర్తిగా మూసుకున్నాక రోజూ నీళ్ళు మారుస్తూ ఉప్పు తగ్గించుకుంటూ రండి. పొలుసులు వచ్చేదాకా ఆగక్కర్లేదు, అవి తర్వాత మెల్లగా వస్తాయి.

[తెర మీద: టబ్బు నీళ్ళు పారబోస్తున్న చెయ్యి.]

యాంకర్ వర్మ్ మందు వేసిన నీళ్ళని మాత్రం కాలవలో పొయ్యకండి. వాటిలో కొన్ని, పురుగు పెంకు విడవకుండా చేసి చంపుతాయి. రొయ్య కూడా పెంకు విడిచి పెరిగేదే, ఆ కాలవ కింద ఎవరి చెరువుందో మనకి తెలియదు.