జేన్ మానింగ్ జేమ్స్: వంశవృక్షంలో ఒక సేవకురాలు

1894 మే 18న అమెరికాలోని సాల్ట్ లేక్ సిటీలో, మోర్మన్లు అనే క్రైస్తవ శాఖవారి ఆలయంలో ఒక కర్మ జరిగింది. ఆ శాఖను స్థాపించి, యాభై ఏళ్ల కిందట హత్యకు గురైన ప్రవక్త జోసెఫ్ స్మిత్ తరఫున ఆయన అన్న కొడుకు జోసెఫ్ ఎఫ్. స్మిత్ నిలబడ్డాడు. జేన్ మానింగ్ జేమ్స్ అనే స్త్రీ తరఫున బత్‌షెబా స్మిత్ అనే తెల్లజాతి స్త్రీ నిలబడింది. ప్రవక్త పోయి అర్ధశతాబ్ది అయింది కనుక ఆయనకు బదులుగా మరొకరు నిలబడడం అర్థమవుతుంది. కాని జేన్ బతికే ఉంది, ఆ ఊళ్లోనే కాపురం ఉంటోంది. నల్లజాతి స్త్రీ కావడం వల్ల ఆ కర్మకు ఆమెను లోపలికి రానివ్వలేదు. తనను స్మిత్ కుటుంబంలో బిడ్డగా చేర్చమని ఆమె ఏళ్ల తరబడి అడిగింది. ఆ రోజు ఆమెను ఆ కుటుంబానికి శాశ్వత సేవకురాలిగా చేర్చారు.

నమస్కారం. పశ్చిమానికి బండ్లు కట్టుకొని వెళ్లిన మోర్మన్ తొలితరం వలసదారుల కుటుంబ చరిత్రలు కావలసినన్ని దొరుకుతాయి, ఎందుకంటే తాతముత్తాతల వివరాలను ఆ మతస్థులంత శ్రద్ధగా భద్రపరచేవారు అరుదు. వాటిలో జేన్ కథను నేను ఎంచుకోవడానికి కారణం ఆ 1894 సంవత్సరమే. అది ఎందుకో చివరికి వచ్చేసరికి మీకే తెలుస్తుంది.

ముందుగా వారి నమ్మకం గురించి రెండు మాటలు చెప్పాలి. ఆలయంలో 'సీలింగ్' అనే కర్మ జరిగితే భార్యాభర్తల బంధం, తల్లిదండ్రులకూ బిడ్డలకూ ఉన్న బంధం మరణం తరువాత కూడా నిలిచి ఉంటాయని మోర్మన్లు నమ్ముతారు. చనిపోయిన పూర్వీకుల తరఫున కూడా బతికి ఉన్నవారు నిలబడి ఈ కర్మలు జరిపించవచ్చు, అందుకు ఆ పూర్వీకుల పేర్లు తెలియాలి. తద్దినం నాడు మూడు తరాల పేర్లు చెప్పే ఇళ్లలో పెరిగినవారికి ఇది మరీ వింతగా తోచదు. దీనికి తోడు 'ఎండోమెంట్' అనే ఆలయదీక్ష ఒకటి ఉంది. మనకు ఆ మాట వినగానే దేవాదాయ శాఖ గుర్తుకు వస్తుంది గాని, అక్కడ అది మోక్షానికి అవసరమైన దీక్ష.

జేన్ 1820ల ప్రాంతంలో కనెక్టికట్ రాష్ట్రంలోని విల్టన్‌లో పుట్టింది. తల్లి ఫిలిస్ బానిసత్వంలో పుట్టి విముక్తి పొందిన స్త్రీ, కనుక జేన్ స్వేచ్ఛగానే పుట్టింది. అయినా చిన్నతనంలోనే ఒక తెల్లవారి ఇంట్లో పనికి చేరి అక్కడే పెరిగింది. పెళ్లికి ముందే సిల్వెస్టర్ అనే కొడుకు కలిగాడు. 1840ల తొలి ఏళ్లలో ఒక మోర్మన్ బోధకుడి మాటలు విని బాప్తిస్మం తీసుకుంది. తల్లి, అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు కూడా ఆమె వెంట నడిచారు.

నడిచారు అన్న మాటను ఇక్కడ ఉన్నది ఉన్నట్టుగానే తీసుకోవాలి. 1843 శరదృతువులో మానింగ్ కుటుంబం, తమ మతస్థులు ఇలినాయ్ రాష్ట్రంలో మిసిసిపీ నది ఒడ్డున కట్టుకున్న నావూ పట్టణానికి బయలుదేరింది. బఫెలో వరకూ నీటిమార్గంలో వెళ్లారు. అక్కడ తెల్లవారికి ప్రయాణం సాగింది గాని, వీరిని మాత్రం ఎక్కించుకోలేదు. మిగిలిన ఎనిమిది వందల మైళ్లకు పైబడిన దూరం, అంటే సుమారు 1,300 కిలోమీటర్లు, వారు కాలినడకన వెళ్లారు. చెప్పులు అరిగిపోయి, పాదాలు పగిలి, నేల మీద నెత్తుటి అడుగులు పడ్డాయని, అందరూ ఆగి ప్రార్థన చేస్తే ఆ పుండ్లు మానాయని జేన్ ముసలితనంలో తన జీవితకథ చెప్పి రాయించినప్పుడు తలచుకుంది. పియోరియా చేరేసరికి, బానిసలు కారని రుజువు చేసే కాగితాలు చూపకపోతే జైల్లో పెడతామని అధికారులు బెదిరించారట. పుట్టుకతోనే స్వేచ్ఛ ఉన్నవారి దగ్గర విముక్తి పత్రం ఎక్కడి నుంచి వస్తుంది?

నావూలో జోసెఫ్ స్మిత్, ఆయన భార్య ఎమ్మా వారిని ఇంట్లోకి ఆహ్వానించారు. మిగతావారు వేరే చోట్ల కుదురుకున్నాక జేన్ ఆ ఇంట్లోనే పనికి నిలిచింది. ఈ కథ అంతా ముడిపడి ఉన్నది అప్పుడు జరిగిన ఒక చిన్న సంభాషణ చుట్టూనే. నిన్ను మా బిడ్డగా స్వీకరిస్తాము, నీకు ఇష్టమేనా అని ఎమ్మా ఒకనాడు ఆమెను అడిగింది. ఆ మాటకు మతపరమైన అర్థం ఏమిటో జేన్‌కు తెలియదు, వద్దని చెప్పింది. 1844 జూన్ 27న కార్తేజ్ జైలులో స్మిత్‌ను అల్లరిమూక కాల్చి చంపింది, ఆ అవకాశం మళ్లీ రాలేదు.

తరువాత ఆమె ఐజాక్ జేమ్స్ అనే స్వేచ్ఛాయుతుడైన నల్లజాతి మోర్మన్‌ను పెళ్లి చేసుకుంది. 1846లో బ్రిగమ్ యంగ్ నాయకత్వంలో అందరూ పశ్చిమానికి కదిలినప్పుడు దారిలో, అయోవాలో, వారికి సైలస్ అనే కొడుకు పుట్టాడు. 1847 సెప్టెంబరులో వారు సాల్ట్ లేక్ లోయకు చేరారు. జూలైలో వచ్చిన తొలి బృందానికి రెండు నెలలే వెనుక అన్నమాట. ఆ తొలి బృందంలో గ్రీన్ ఫ్లేక్‌తో సహా ముగ్గురు నల్లజాతివారు ఉన్నారు, కాని వారు యజమానుల తరఫున వచ్చిన బానిసలు. మరుసటి ఏడాది జేన్‌కు మేరీ ఆన్ అనే కూతురు కలిగింది.

తొలి ఏళ్లు కరవులో గడిచాయి. 1849 వసంతంలో ఎలైజా పార్ట్రిడ్జ్ లైమన్ అనే పొరుగు స్త్రీ, భర్త ప్రచారం కోసం దూరదేశం వెళ్లగా ఇంట్లో తినడానికి ఏమీ లేని రోజున, జేన్ తనకు రెండు పౌండ్ల పిండి ఇచ్చిందని, ఆమె దగ్గర ఉన్నదానిలో అది సగమని తన దినచర్యలో రాసుకుంది. జేన్ గురించి ఎందరో ఎన్నో పొగడ్తలు రాశారు గాని, ఈ ఒక్క వాక్యానికి అవేవీ సాటిరావు.

కాలక్రమంలో జేమ్స్ దంపతులకు భూమి, పశువులు సమకూరాయి. 1870 ప్రాంతంలో ఐజాక్ ఆమెను వదిలి వెళ్లిపోయి, ఇరవై ఏళ్ల తరువాత తిరిగి వచ్చి 1891లో కన్నుమూశాడు. అంత్యక్రియలు ఆమె ఇంటి నుంచే జరిగాయి. ఎనిమిదిమంది పిల్లలలో ఆమె చనిపోయేనాటికి మిగిలినవారు ఇద్దరే.

ఈలోగా చర్చి తలుపులు మూసుకున్నాయి. నల్లజాతి పురుషులకు యాజకత్వం, అంటే మతకర్మలు జరిపే అధికారం, లేదని 1852లో బ్రిగమ్ యంగ్ బహిరంగంగా ప్రకటించాడు. ఆ తరువాత నల్లజాతివారందరికీ ఆలయదీక్ష కూడా దూరమైంది. చనిపోయిన తన బంధువుల తరఫున బాప్తిస్మాలు తీసుకోవడానికి జేన్‌కు అనుమతి దొరికింది. తన దీక్ష కోసం, తన కుటుంబ బంధం కోసం మాత్రం ఆమె ఉత్తరం వెంట ఉత్తరం రాయవలసి వచ్చింది. 1884 డిసెంబరులో చర్చి అధ్యక్షుడు జాన్ టేలర్‌కు రాసిన ఉత్తరంలో, బైబిలులోని అబ్రాహాము సంతానం ద్వారా లోకంలోని జాతులన్నీ ఆశీర్వాదం పొందుతాయన్న వాగ్దానాన్ని గుర్తుచేసి, మరి నాకు ఏ ఆశీర్వాదమూ లేదా అని అడిగింది. ఆ వాక్యంలో నాకు బతిమాలడం కన్నా వాదన ఎక్కువగా వినిపిస్తుంది.

ఇక 1894కు వస్తాను. అప్పటివరకూ మోర్మన్లు తమ సొంత తల్లిదండ్రులను దాటి చర్చి పెద్దల కుటుంబాలలోకి దత్తతగా చేరే ఆచారం ఉండేది. ఆ ఏప్రిల్‌లో చర్చి అధ్యక్షుడు విల్ఫర్డ్ వుడ్రఫ్ దానికి స్వస్తి చెప్పి, ప్రతివారూ తమ సొంత వంశాన్ని అందినంత వెనక్కు వెతికి, తమ తల్లిదండ్రులతోనే బంధం కలుపుకోవాలని బోధించాడు. నవంబరులో యూటా వంశచరిత్ర సంఘం ఏర్పడింది. నేడు కోట్ల మంది ఉచితంగా వాడుకుంటున్న ఫ్యామిలీసర్చ్ అనే వంశవృక్షాల వెబ్‌సైట్ దాని వారసత్వమే. ఆ ఏప్రిల్‌కూ ఆ నవంబరుకూ నడుమ, మే నెలలో, జేన్ పేరు సేవకురాలిగా నమోదైంది. అందరినీ సొంత కుటుంబాలకు మళ్లిస్తున్న ఏడాదిలోనే ఆమెకు మరొకరి ఇంటి పనిమనిషి స్థానం శాశ్వతమైంది. దానితో ఆమె తృప్తి పడలేదు. అక్టోబరులో మళ్లీ వుడ్రఫ్‌ను కలిసి ఆలయంలోకి అనుమతి అడిగితే, అది దేవుని చట్టానికి విరుద్ధమని, కయీను సంతతి (బైబిలులో తమ్ముణ్ని చంపిన కయీను వారసులుగా వారు భావించిన నల్లజాతివారు) వేచి ఉండాలని చెప్పినట్టు ఆయనే దినచర్యలో రాసుకున్నాడు. ఆ తరువాత కూడా ఆమె అడగడం మానలేదు.

1908 ఏప్రిల్ 16న జేన్ మరణించింది. అప్పటికి చర్చి అధ్యక్షుడైన జోసెఫ్ ఎఫ్. స్మిత్, అంటే 1894లో ప్రవక్తకు బదులు నిలబడిన ఆ వ్యక్తే, ఆమె అంత్యక్రియలలో ప్రసంగించాడు. చర్చి ఆ నిషేధాన్ని 1978 జూన్‌లో ఎత్తివేసింది. మరుసటి ఏడాది, ఆమె చనిపోయిన 71 ఏళ్లకు, జేన్‌కు ఆలయదీక్ష జరిగింది. ఈసారి కూడా ఆమె స్థానంలో మరొకరే నిలబడ్డారు.