చాలాకాలం తర్వాత మౌంటెన్ బైక్ ఎక్కుతున్నారా? తెలియని బాట మీద మొదటి రోజు ఇలా తొక్కండి

[దృశ్యం: విజయనగరం జిల్లా, తాటిపూడి జలాశయం దగ్గర కొండ అంచు. ఎర్రమట్టి కాలిబాట, ఒక్క మనిషి నడిచేంత వెడల్పు. కెమెరా హ్యాండిల్ ఎత్తులో ఉంటుంది.]

అందరికీ నమస్కారం. ఉద్యోగమో, పిల్లలో, దెబ్బో, ఏదో ఒక కారణంతో మౌంటెన్ బైక్ మూలన పెట్టి, ఇప్పుడు మళ్ళీ బయటికి తీస్తున్నవాళ్ళ కోసం ఈ వీడియో. అందులోనూ, ఎప్పుడూ తొక్కని సింగిల్‌ట్రాక్ మీదికి వెళ్దామనుకుంటున్న వాళ్ళ కోసం.

సింగిల్‌ట్రాక్ అంటే ఒక్క సైకిల్ మాత్రమే పట్టే సన్నటి బాట. చాలా దేశాల్లో వీటిని సైకిళ్ళ కోసమే తీర్చిదిద్దుతారు. తేలికైతే ఆకుపచ్చ, ఓ మాదిరైతే నీలం, కష్టమైతే నలుపు గుర్తు పెడతారు. మన కొండల్లో అలాంటి బోర్డులు కనిపించవు. మేకలు, ఆవులు, జీడితోటలకు వెళ్ళే మనుషులు నడిచి నడిచి వేసిన బాటలే మన సింగిల్‌ట్రాక్. కాబట్టి బాట ఎంత కష్టమో ఎవరికి వారే చూసి తెలుసుకోవాలి.

విరామం తర్వాత చాలామంది "తొక్కడం మర్చిపోయానేమో" అని టెన్షన్ పడతారు. నిజానికి సైకిల్ బ్యాలెన్స్ ఒంటికి ఏళ్ళ తరబడి గుర్తుంటుంది. ఎక్కిన కాసేపటికే పాత ధైర్యం వచ్చేస్తుంది. చిక్కంతా అక్కడే ఉంది. ధైర్యం ముందు వస్తుంది, దమ్ము వెనక వస్తుంది, మణికట్టు, ముంజేతుల బలం ఇంకా వెనక వస్తుంది. తెలిసిన బాట మీదైతే ఈ తేడాను అలవాటు కప్పేస్తుంది. తెలియని బాట మీద కప్పేవాళ్ళు ఉండరు.

[దృశ్యం: ఎక్కుడు మీద రొప్పుతున్న రైడర్. కాలు దించి ఆగుతాడు.]

కారణం ఒంట్లోనే ఉంది. తొక్కడం ఆపిన రెండు మూడు వారాల్లోనే రక్తంలోని ప్లాస్మా, అంటే నీరు ఎక్కువగా ఉండే భాగం, తగ్గుతుంది. గుండె ఒక్కసారి కొట్టుకున్నప్పుడు పంపే రక్తమూ తగ్గుతుంది. అందుకే పాత ఎక్కుడే అయినా గుండె మరింత వేగంగా కొట్టుకోవాల్సి వస్తుంది. మళ్ళీ మొదలుపెడితే కొన్ని వారాల్లో ఇది చాలావరకు సర్దుకుంటుంది. కండరాన్ని ఎముకకు పట్టి ఉంచే తాళ్ళలాంటి కట్లు (టెండన్లు) మాత్రం కండరాల కన్నా చాలా నెమ్మదిగా గట్టిపడతాయి. మొదటి నెలలో మోకాలు, మణికట్టు నొప్పులు ఎక్కువగా వచ్చేది అందుకే.

సైకిల్ సంగతి త్వరగా చెప్పేస్తాను, టైర్ల దగ్గర మాత్రం ఆగుతాను. హైడ్రాలిక్ బ్రేక్, అంటే గొట్టంలోని ద్రవంతో పనిచేసేదైతే, లీవర్ నొక్కితే హ్యాండిల్ దాకా వచ్చేస్తోందంటే లైన్లో గాలి చేరి ఉండవచ్చు, మెకానిక్ చేత బ్లీడ్ చేయించండి, అంటే ఆ గాలి తీయించండి. కుదుపుల్ని మింగే ముందు ఫోర్కు గాలితో పనిచేసేదైతే ఇన్నాళ్ళలో ఎంతో కొంత దిగిపోయి ఉంటుంది, షాక్ పంపుతో సరిచూసుకోండి. శ్రీకాకుళం తీరం వైపు ఉన్నవాళ్ళు చెయిన్ తప్పకుండా చూడాలి, ఉప్పుగాలికి తుప్పు త్వరగా పడుతుంది.

[దృశ్యం: టైరు దగ్గరగా. రబ్బరులో గుచ్చుకున్న పల్లేరుకాయ. వేలితో దాన్ని తిప్పి చూపించాలి.]

ఇక టైర్లు. ఇదిగో, పల్లేరుకాయ. ఎటు పడినా ఒక ముల్లు పైకే ఉంటుంది. మన మెట్టల మీద పంక్చర్లకు ఇదీ, తుమ్మముల్లూ చాలు. ట్యూబ్‌లెస్ టైరయితే లోపల పోసిన సీలెంట్ ఇలాంటి చిల్లుల్ని మూసేస్తుంది. కానీ ఆ ద్రవం కొన్ని నెలల్లో ఎండిపోతుంది, మన ఎండలకు ఇంకా ముందే. చక్రాన్ని చెవి దగ్గర ఊపి చూడండి. లోపల ద్రవం కదిలిన చప్పుడు లేకపోతే కొత్తగా పోయాల్సిందే.

గాలి విషయంలో మన దగ్గర ఎక్కువగా జరిగే పొరపాటు టైరును రాయిలా బిగించడం. రోడ్డు మీద అది బాగానే ఉంటుంది, కొండబాట మీద టైరు రాళ్ళపై ఎగురుతుంది, పట్టు దొరకదు. 70 కిలోల మనిషికి, 2.2 లేదా 2.3 అంగుళాల టైరులో ట్యూబ్ ఉంటే 28 నుంచి 32 పీఎస్ఐ దగ్గర మొదలుపెట్టండి. ట్యూబ్‌లెస్ అయితే ఇంకో నాలుగైదు తగ్గించవచ్చు. వెనక టైరులో ముందుదాని కన్నా ఒకటి రెండు పీఎస్ఐ ఎక్కువ ఉంచండి. ట్యూబ్ ఉన్న టైరులో గాలి మరీ తగ్గిస్తే, రాయి తగిలినప్పుడు ట్యూబ్ రిమ్ముకూ రాయికీ మధ్య నలిగి పక్కపక్కనే రెండు చిల్లులు పడతాయి.

[దృశ్యం: బాట మీద నేల. చెప్పుతో గ్రావెల్‌ను పక్కకు తోస్తే కింద గట్టి ఎర్రనేల కనిపించాలి.]

ఇప్పుడు నేలను చూద్దాం. ఇక్కడి తూర్పు కనుమల్లో ఖొండలైట్ రాయి విస్తారంగా ఉంటుంది. ఎండకూ వానకూ అది శిథిలమై ఎర్రమట్టిగా మారుతుంది. చాలా బాటల మీద గట్టి నేల, దానిపైన పలచటి గ్రావెల్ పొర కనిపిస్తాయి. దాని మీద మలుపులో బ్రేక్ వేస్తే గోళీల మీద కాలు వేసినట్టే, ముందు చక్రం చెప్పకుండా జారిపోతుంది. అందుకే మలుపుకు ముందే, సైకిల్ నిటారుగా ఉండగానే బ్రేక్ వేసి వేగం తగ్గించండి. మలుపులోకి వెళ్ళాక లీవర్ వదిలేసి చక్రాలను వాటి మానాన దొర్లనివ్వండి. చాలాకాలం తర్వాత తొక్కేవాళ్ళ చేయి భయంతో సరిగ్గా మలుపు మధ్యలోనే లీవర్ మీదికి పోతుంది. మైదానంలో రెండు రాళ్ళు పెట్టుకుని ఈ ఒక్క పనీ సాధన చేసి వచ్చినా చాలు.

శ్రీకాకుళం జిల్లా ఉద్దానం వైపు జీడితోటల్లో సమస్య ఇంకోలా ఉంటుంది. ఎండిన జీడి ఆకులు చాపలా పరుచుకుని కింద ఉన్న రాళ్ళనూ వేళ్ళనూ దాచేస్తాయి. ఆకులు దట్టంగా ఉన్నచోట పాత ధైర్యాన్ని నమ్మకండి, నెమ్మదిగా వెళ్ళండి. పాత జీపీఎస్ ట్రాకుల్నీ అలాగే నమ్మకండి. 2018 అక్టోబర్‌లో తిత్లీ తుపానుకు ఉద్దానంలో కొబ్బరి, జీడి చెట్లు కూకటివేళ్ళతో కూలిపోయాయి. అలాంటి గాలివాన తర్వాత బాట పాత చోటే ఉంటుందని చెప్పలేం. మామూలు వానాకాలంలో కూడా గెడ్డ, అంటే కొండవాగు, ఉరవడికి బాట మధ్యలో కోత పడుతుంది. ముందు చక్రం ఆ కోతలో ఇరుక్కుంటే తిప్పడం కష్టం.

[దృశ్యం: మేకల మందతో వస్తున్న పెద్దాయన. రైడర్ సైకిల్ దిగి పక్కకు జరుగుతాడు.]

మ్యాపు కన్నా మంచి సమాచారం మేకలు కాసేవాళ్ళ దగ్గర ఉంటుంది. ముందు సైకిల్ దిగండి, మేకల్ని వెళ్ళనివ్వండి, ఆ తర్వాత అడగండి. "తాతా, ఈ బాట కిందికెల్తే ఎక్కడ తేలుతాది?" అంటే, "గెడ్డ కాడ దిగి నడవాల బాబూ, సైకిలెల్దు" అని ఆ ఒక్క ముక్కలో మీకు కావలసింది చెప్పేస్తారు. నిన్న పైన వాన పడిందా, ఎలుగుబంటి తిరుగుతోందా అని కూడా అడగండి. మందస, వజ్రపుకొత్తూరు వైపు ఎలుగుబంట్లు జీడితోటల్లోకి వస్తాయి, జీడిపళ్ళ కాలంలో తెల్లవారుజామున, సాయంత్రం వేళ అటు వెళ్ళకపోవడమే మంచిది. పార్వతీపురం వైపు ఏనుగుల సంచారం ఉంటుంది, ఫారెస్టు వాళ్ళను అడక్కుండా కదలొద్దు. రిజర్వు ఫారెస్టు ఎక్కడైనా అనుమతి తీసుకోవాల్సిందే.

ఇంకో మాట. రామతీర్థం కొండల మీద, వంశధార ఒడ్డున శాలిహుండం మీద బౌద్ధ శిథిలాలు ఉన్నాయి. అక్కడ సైకిల్ కింద పెట్టి నడిచి ఎక్కండి. వందల ఏళ్ళ నాటి ఇటుకల మీద టైరు ఎక్కించడం నాకు సమ్మతం కాదు.

[దృశ్యం: సైకిల్ తోసుకుంటూ బాట పైకి. ఒక రాతి మెట్టు దగ్గర ఆగి, వంగి చూడాలి.]

సరే, బాట దొరికింది. దిగే బాటనే ముందు పైకి ఎక్కండి. తొక్కలేని చోట తోసుకుంటూ వెళ్ళండి. నడక వేగంలో ప్రతి రాయీ కనిపిస్తుంది. ఈ మెట్టు చూడండి. కింద నుంచి మోకాలి ఎత్తు ఉంది, పై నుంచి దిగేటప్పుడు అసలు కనిపించదు. ఎడమ వైపు వాలుగా ఉంది, అక్కడి నుంచి దిగవచ్చు. ఇలాంటి చోట ఒక చెట్టునో బండనో గుర్తు పెట్టుకోండి.

దిగేటప్పుడు సీటు మీద నుంచి లేవండి. పెడల్స్ రెండూ నేలకు సమంగా, మోకాళ్ళూ మోచేతులూ వంచి, బరువంతా పాదాల మీద ఉంచాలి. బ్రేక్ మీద ఒక్క చూపుడువేలు చాలు, మిగతా వేళ్ళు గ్రిప్ మీదే ఉండాలి. చూపు ముందు చక్రం మీద ఉండకూడదు, కొన్ని సెకన్ల తర్వాత మీరు చేరబోయే చోట ఉండాలి. చెట్టును చూస్తే సైకిల్ చెట్టు వైపే పోతుంది. పక్కనున్న సందును చూడండి.

[దృశ్యం: ముంజేయి దగ్గరగా. రైడర్ ఆగి వేళ్ళు విదిలిస్తాడు.]

ముంజేతులు బిగుసుకుంటాయి. విరామం తర్వాత ముందుగా చేతులెత్తేసేవి ఇవే. లీవర్ మీద వేలు ఆలస్యంగా కదులుతోందనిపిస్తే ఆగి చేతులు విదిలించండి. తగ్గకపోతే మిగతా దారి నడిచి దిగండి.

బాగా దిగలేని ముక్క ఏదైనా ఉంటే, బాటంతా మళ్ళీ తొక్కే పని లేదు. ఆ ఇరవై మీటర్లే వెనక్కి నడిచి, మళ్ళీ దిగండి. తర్వాతి వారం కూడా ఇదే బాటకు రండి. ప్రతిసారీ కొత్త బాటకు వెళ్తే, తడబాటు ఒంటిదో బాటదో తేలదు. ఇదే బాట మీద ఈసారి ముంజేతులు ఎక్కడ బిగుసుకున్నాయో గమనించండి. పోయినసారి కన్నా దిగువన బిగుసుకుంటే, బలం వస్తోందన్నమాట. అప్పుడు వేగం కొంచెం పెంచవచ్చు.