‘ఎవరూ రాలేదు’: ఈ మాటను ఇంగ్లీషులో ఎలా అనాలి?

సభకు నమస్కారం. వేదిక మీదున్న పెద్దలకు, ఇంగ్లీషు పాఠాలు చెప్పే ఉపాధ్యాయులకు, నేర్చుకుంటున్న పిల్లలకు, వాళ్ల వెంట వచ్చిన తల్లిదండ్రులకు, పేరుపేరునా నమస్కారం. అధ్యక్షులవారు ఇచ్చిన అంశం ఇంగ్లీషులో ‘ఇన్‌డెఫినిట్ ప్రొనౌన్స్’ వాడకం. తెలుగులో అనిర్దిష్ట సర్వనామాలు అంటాం. ఫలానా మనిషి, ఫలానా వస్తువు అని వేలెత్తి చూపకుండా చెప్పే మాటలు. సమ్‌వన్, ఎనీవన్, నోబడీ, ఎవ్రీథింగ్, నన్, ఈచ్, బోత్, ఫ్యూ, ఇవన్నీ ఆ కుటుంబమే.

మూడు భాగాలుగా చెబుదామని రాసుకొచ్చాను. మొదట అర్థాలు, తర్వాత క్రియతో పొత్తు, చివర ‘ఆఫ్’ అనే మాటతో వచ్చే చిక్కులు. అయితే మొదటి భాగంలోనే ఎక్కువసేపు ఆగాలి. మనవాళ్ల తప్పుల్లో సగానికి పైగా అక్కడే పుడుతున్నాయి.

గైడ్లలో ఒక పట్టిక ఉంటుంది, చూసే ఉంటారు. సమ్‌వన్ అంటే ఎవరో, ఎనీవన్ అంటే ఎవరైనా, నో వన్ అంటే ఎవరూ. పిల్లలు దాన్ని వల్లె వేస్తారు. పరీక్షలో అర్థం అడిగితే మార్కులు కూడా వస్తాయి. అదే పిల్లవాణ్ణి ‘ఎవరూ రాలేదు’ అన్న రెండు ముక్కలు ఇంగ్లీషులో రాయమనండి. ‘నో వన్ డిడ్ నాట్ కమ్’ అని రాస్తాడు. లేదంటే ‘ఎనీవన్ డిడ్ నాట్ కమ్’ అంటాడు. రెండూ తప్పే. తెలివి తక్కువై కాదు, పట్టిక నేర్పినట్టే రాశాడు. పట్టిక మాటకు మాట ఇచ్చింది గానీ, వాక్యంలో ‘లేదు’ ఎక్కడ కూర్చుంటుందో చెప్పలేదు. నా బాధంతా అదే.

ఈ వాక్యాన్ని విప్పి చూద్దాం. ‘ఎవరు’ అనేది ప్రశ్న మాట. దానికి మనం మూడు తోకలు తగిలిస్తాం. ‘ఓ’ తగిలిస్తే ఎవరో, ‘ఐనా’ తగిలిస్తే ఎవరైనా, ‘ఊ’ తగిలిస్తే ఎవరూ. ‘ఎవరూ’లో లేదనే అర్థం ఎక్కడైనా ఉందా? లేదు. ఆ అర్థమంతా ‘రాలేదు’ అనే క్రియ మోస్తోంది. పక్కన ‘ఎప్పుడూ’ పెట్టుకుంటే ఇంకా తేటగా తెలుస్తుంది. ‘ఎప్పుడూ వస్తాడు’ అన్నా, ‘ఎప్పుడూ రాడు’ అన్నా మాట ఒకటే. వస్తున్నాడో రావడం లేదో చెప్పేది క్రియే.

ఇంగ్లీషు దీనికి ఎదురు. ‘నో వన్’లో ‘నో’ ముందే ఉంది. కాదనడం అక్కడితో అయిపోయింది, ఇక క్రియకు ఆ పని లేదు. అందుకే ‘నో వన్ కేమ్’. అంతే. ఎవరొచ్చారని అడిగితే ఇంగ్లీషులో ‘నో వన్’ అని ఊరుకోవచ్చు, జవాబు పూర్తయినట్టే. తెలుగులో ఉత్త ‘ఎవరూ’ అని ఆపేస్తే, వినేవాడు తర్వాతి మాట కోసం చూస్తాడు. ‘నో వన్ డిడ్ నాట్ కమ్’ అంటే ఏమవుతుందో గమనించండి. రానివాళ్లు ఎవరూ లేరు, అంటే అందరూ వచ్చేశారు అని! మనం చెప్పదలచుకున్నదానికి పూర్తిగా తలకిందులు.

మరి ‘ఎనీవన్ డిడ్ నాట్ కమ్’ ఎందుకు తప్పు? ‘ఎనీ’తో మొదలయ్యే మాటలు ఈ అర్థంలో సొంతంగా నిలబడలేవు. వాటికి ముందు ‘నాట్’ ఉండాలి. కర్తగా ‘ఎనీవన్’ వాక్యం మొదట కూర్చుంటే ‘నాట్’ దాని వెనక పడిపోతుంది, ఆసరా దొరకదు. అదే కర్మగా వస్తే ఇబ్బంది లేదు. ‘ఐ డిడ్ నాట్ సీ ఎనీవన్’, నేను ఎవరినీ చూడలేదు. ఇక్కడ ‘నాట్’ ముందు, ‘ఎనీవన్’ వెనక. చక్కని వాక్యం. ‘ఐ సా నో వన్’ అన్నా తప్పు కాదు, కొంచెం నొక్కి చెప్పినట్టుంటుంది.

ఉపాధ్యాయులారా, ఇది పలక మీద రాయించండి: ‘ఎవరూ’ కర్త అయితే నో వన్, క్రియలో నాట్ ఉండకూడదు. ‘ఎవరినీ, ఎవరికీ’ అయితే మామూలుగా నాట్ ముందు, ఎనీవన్ తర్వాత. ‘ఏమీ’కీ ఇదే లెక్క. ఏమీ జరగలేదు: ‘నథింగ్ హ్యాపెన్డ్’. నాకేమీ తెలియదు: ‘ఐ డోంట్ నో ఎనీథింగ్’. ‘ఐ డోంట్ నో నథింగ్’ అని పాటల్లో వింటారు. ఇంగ్లీషు మాతృభాష అయిన కొందరి మాండలికాల్లో అది సహజమే. పరీక్ష పేపర్లో, ఉద్యోగం దరఖాస్తులో మాత్రం దాన్ని తప్పుగానే లెక్కిస్తారు.

‘ఏమీ చెప్పకుండా వెళ్లిపోయాడు’ అన్నదాన్ని చూడండి. ‘చెప్పకుండా’లో కాదనడం ఉంది. ఇంగ్లీషులో ఆ పని ‘వితౌట్’ చేస్తుంది. కాబట్టి ‘హి లెఫ్ట్ వితౌట్ సేయింగ్ ఎనీథింగ్’. అక్కడ ‘నథింగ్’ పెడితే మళ్లీ రెండు కాదనడాలు ఢీకొంటాయి. ‘హార్డ్‌లీ’ కూడా ఇదే జాతి. ‘హార్డ్‌లీ ఎనీవన్ కేమ్’ అంటే ఎవరూ రానట్టే, ఒకరో ఇద్దరో వచ్చారని.

ఈ ‘లేదు’ సంగతి ఇంకో రెండు చోట్ల కూడా దెబ్బ తీస్తుంది, అవీ చెప్పకుండా ముందుకు పోలేను. ‘ఇద్దరూ రాలేదు’ అని మనం అంటే ఒక్కరు కూడా రాలేదని అర్థం. దాన్ని ‘బోత్ డిడ్ నాట్ కమ్’ అని దించేస్తాం. వినేవాడికి అనుమానం వస్తుంది, ఇద్దరిలో ఒకరు వచ్చారా అని. ఇంగ్లీషులో దానికి ఖాయమైన మాట ఉంది: ‘నైదర్ కేమ్’. మళ్లీ క్రియలో ‘నాట్’ లేదు చూశారా. రెండోది ‘అందరూ రాలేదు’. తెలుగులో దీనికి సాధారణంగా కొందరే వచ్చారనే అర్థం. ‘ఎవ్రీవన్ డిడ్ నాట్ కమ్’ అంటే ఎవరూ రాలేదని కూడా తీసుకోవచ్చు. ‘నాట్’ను తెచ్చి ముందు పెట్టండి: ‘నాట్ ఎవ్రీవన్ కేమ్’. ఇక ఎవరికీ సందేహం ఉండదు.

ఇప్పుడు ‘ఎవరైనా’. పట్టిక దీన్ని ఎనీవన్ అని తేల్చేసింది. ‘ఎవరైనా ఫోన్ చేశారా?’ అంటే ‘డిడ్ ఎనీవన్ కాల్?’ సరిపోయింది. ‘ఎవరైనా చేరవచ్చు’ అంటే ‘ఎనీవన్ కెన్ జాయిన్’. ఇదీ సరిపోయింది. ‘ఎవరైనా తలుపు తీయండి’ అన్నప్పుడో? అక్కడ కావలసింది ‘సమ్‌వన్’. ‘సమ్‌వన్ ప్లీజ్ ఓపెన్ ద డోర్’. ఒక చిన్న పరీక్ష పెట్టుకోండి. తెలుగు మాట పక్కన ‘సరే’ చేర్చి చూడండి, తర్వాత ‘ఒకరు’ చేర్చి చూడండి. ‘ఎవరైనా సరే చేరవచ్చు’ కుదిరింది, ఎనీవన్. ‘ఎవరైనా ఒకరు తలుపు తీయండి’ కుదిరింది, సమ్‌వన్.

ప్రశ్నల్లో ఎప్పుడూ ‘ఎనీ’యే రావాలని నేర్పడం కూడా మానుకోవాలి. ఇంటికొచ్చిన మనిషిని ‘ఏమైనా తాగుతారా?’ అని అడుగుతాం. అది సమాచారం కోసం అడిగే ప్రశ్న కాదు, ఇస్తామని చెప్పడం. అవునంటారని ఎదురు చూస్తూ అడుగుతున్నాం. కాబట్టి ‘వుడ్ యు లైక్ సమ్‌థింగ్ టు డ్రింక్?’ అనాలి.

సమయం సగం దాటింది. ముందే అన్నాను, ఇక్కడే ఎక్కువసేపు ఆగుతానని. ఇక క్రియతో పొత్తు.

‘అందరూ వచ్చారు’. తెలుగులో ఇది నిస్సందేహంగా బహువచనం. అందుకే ‘ఎవ్రీవన్ హ్యావ్ కమ్’ అనేస్తాం. ఇంగ్లీషు ఆ మాట చివరనున్న ‘వన్’ను చూస్తుంది. వన్, బడీ, థింగ్ అని ముగిసే మాటలన్నీ ఏకవచనం. పదిమంది ఉన్నా పదివేలమంది ఉన్నా ‘ఎవ్రీవన్ హ్యాజ్ కమ్’. అన్నీ బాగున్నాయి: ‘ఎవ్రీథింగ్ ఈజ్ ఫైన్’. ఈచ్, ఈదర్, నైదర్ కూడా ఏకవచనమే. బోత్, మెనీ, ఫ్యూ, సెవరల్ బహువచనం. ఆల్, మోస్ట్, సమ్, నన్ మాత్రం దేని గురించి మాట్లాడుతున్నామో దాన్ని బట్టి మారతాయి. నీళ్ల గురించి అయితే ‘సమ్ ఆఫ్ ద వాటర్ ఈజ్’, పుస్తకాల గురించి అయితే ‘సమ్ ఆఫ్ ద బుక్స్ ఆర్’. ‘నన్’ గురించి కొందరు పట్టు పడతారు, దాని పుట్టుక ‘ఒక్కటీ కాదు’ అనే అర్థంలో కాబట్టి ఎప్పుడూ ఏకవచనమే ఉండాలని. ‘నన్ ఆఫ్ ద బుక్స్ ఆర్’ అన్న వాడుక శతాబ్దాలుగా ఉంది. ‘ఈజ్’ రాసినా ‘ఆర్’ రాసినా పిల్లల మార్కులు కోయకండి. నీళ్ల లాంటి లెక్కపెట్టలేని వాటికి మాత్రం ఏకవచనమే.

‘ఎవ్రీవన్’ తర్వాత ‘దెయిర్’ రావచ్చా అని చాలామంది అడుగుతారు. ‘ఎవ్రీవన్ బ్రాట్ దెయిర్ బుక్’. నిక్షేపంగా రావచ్చు. ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లీషు నిఘంటువు ‘దే’ని ఇలా ఒక్కరికి వాడిన ఉదాహరణను 1375 నాటి రచన నుంచి చూపిస్తుంది. ‘హిజ్’ మాత్రమే సరైనదన్న పట్టు 18వ శతాబ్దపు వ్యాకరణాలతో బలపడింది. 1850లో బ్రిటిష్ పార్లమెంటు చట్టాల భాషను కుదించడానికి ఒక చట్టం చేస్తూ, పుంలింగ పదాల్లో స్త్రీలు కూడా చేరినట్టే అని రాసుకుంది. అంటే ‘హి’ అంటే ఆడవాళ్లు కూడా అని చట్టం చేసి చెప్పుకోవలసి వచ్చింది! ఈ సభలో ఇంతమంది ఆడపిల్లలున్నారు. ‘ఎవ్రీవన్ బ్రాట్ హిజ్ బుక్’ అంటే వాళ్లేమైపోయినట్టు? ‘దెయిర్’ అనండి. క్రియ ఏకవచనం, ఆ తర్వాత సర్వనామం ‘దెయిర్’. వాక్యం చివర తోక ప్రశ్న పెట్టినా ఇంతే: ‘ఎవ్రీవన్ హ్యాజ్ కమ్, హ్యావెంట్ దే?’ ‘నోబడీ’తో జాగ్రత్త. అందులో కాదనడం ముందే ఉంది కదా, కాబట్టి తోకలో ఉండదు. ‘నోబడీ కాల్డ్, డిడ్ దే?’ చూశారా, మళ్లీ మొదటి చోటికే వచ్చాం.

ఇక ‘ఆఫ్’. త్వరగా చెబుతాను. మీలో ఎవరైనా అనడానికి ‘ఎనీవన్ ఆఫ్ యు’ అని కలిపి రాయకూడదు, ‘ఎనీ ఆఫ్ యు’ రాయండి. ఒక్కరే అని నొక్కాలంటే ‘ఎనీ’, ‘వన్’ విడదీసి రాయండి. మాలో ఎవరూ అనడానికి ‘నో వన్ ఆఫ్ అస్’ అనకండి, ‘నన్ ఆఫ్ అస్’ అనండి. ‘ఎవ్రీ ఆఫ్ దెమ్’ అన్నది లేదు. ‘ఈచ్ ఆఫ్ దెమ్’ అనాలి, లేదా ‘ఎవ్రీ వన్ ఆఫ్ దెమ్’ అని విడగొట్టి రాయాలి. అన్నిటికంటే ఎక్కువగా జరిగే తప్పు ‘వన్ ఆఫ్ మై ఫ్రెండ్’. చాలామందిలో ఒకరు కాబట్టి అక్కడ ‘ఫ్రెండ్స్’ ఉండాలి. మాట్లాడుతున్నది ఆ ఒక్కరి గురించే కాబట్టి క్రియ ‘ఈజ్’. ‘వన్ ఆఫ్ మై ఫ్రెండ్స్ ఈజ్ ఎ డాక్టర్’.

రాతలో ఇంకొకటి. సమ్‌వన్, ఎనీవన్, ఎవ్రీవన్ కలిసి ఉంటాయి, ‘నో వన్’ మాత్రం విడిగా రెండు మాటలు. విశేషణం వెనక వస్తుంది: కొత్తదేదో అనడానికి ‘న్యూ సమ్‌థింగ్’ కాదు, ‘సమ్‌థింగ్ న్యూ’. మరెవరిదో పుస్తకం అనడానికి ‘సమ్‌వన్ ఎల్సెస్ బుక్’, అంటే ‘యొక్క’ అనే గుర్తు ‘ఎల్స్’కి తగులుతుంది. ‘ఫ్యూ కేమ్’ అంటే రావలసినంతమంది రాలేదన్న వెలితి ఉంది. ‘ఎ ఫ్యూ కేమ్’ అంటే కొందరైనా వచ్చారు. ఒక్క ‘ఎ’ ఎగిరిపోతే అర్థం ఇంతగా మారుతుంది.

పిల్లలూ, రేపు పొద్దున ఒక పని చేయండి. నోటుబుక్కులో ‘ఎవరూ, ఏమీ, ఎక్కడా, ఇద్దరూ, అందరూ’ ఒక్కోదానితో లేదనే అర్థం వచ్చే తెలుగు వాక్యం ఒకటి రాయండి. ‘లేదు’ అనే అర్థం ఉన్న అక్షరాల కింద గీత గీయండి. తర్వాత దాన్ని ఇంగ్లీషులో రాసి, అక్కడ ‘నో’ లేదా ‘నాట్’ ఎక్కడుందో గీత గీయండి. ‘నైదర్’లాగా కాదనడం మాటలోనే దాగి ఉంటే ఆ మాట కిందే గీయండి. ఇంగ్లీషు వాక్యంలో రెండు గీతలు పడితే ఒకటి కొట్టేయాలి. ఆ వాక్యాలు మీ మాస్టారికో టీచరుకో చూపించండి. ఇప్పుడు నాకు చూపించాలనుకునే వాళ్లు ఇక్కడికే రండి, బోర్డు ఉంది, చాక్‌పీసు కూడా ఉంది.