పట్టా మారలేదు, పెత్తనం మారింది: జాక్సన్ హోల్ గొడవ ఏమిటి?

నమస్కారం. అమెరికాలో ఏదైనా అడవినో ఎడారినో నేషనల్ మాన్యుమెంట్‌గా, అంటే అధ్యక్షుడు ప్రకటించే రక్షిత ప్రాంతంగా, ప్రకటించారని వార్త వస్తే చాలు, రెండు మాటలు వినిపిస్తాయి. ఒకటి, "ప్రభుత్వం రైతుల భూములు లాక్కుంది". రెండోది, "ఎదిరించేవాళ్లంతా గనుల కంపెనీల మనుషులే". ఈ రెండూ నన్ను ఏళ్లుగా ఇబ్బంది పెడుతున్నాయి. మొదటి మాట చాలాసార్లు నిజం కాదు. రెండోది అక్కడ బతికేవాళ్లకు చేసే అన్యాయం. ఈ రోజు ఒక్క చోటు తీసుకుని దాని సంగతి మొత్తం చెబుతాను.

(తెరపై: వయోమింగ్ రాష్ట్ర మ్యాప్)

ఎల్లోస్టోన్ నేషనల్ పార్క్ చూడ్డానికి వెళ్లినవాళ్లలో చాలామంది అట్నుంచి దక్షిణంగా దిగి గ్రాండ్ టీటన్ కొండలు కూడా చూసే వస్తారు. వేసవిలో ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నల్ని నిలబెట్టి, వెనక మంచు కొండలు పడేలా ఫొటో తీస్తారే, ఆ చోటు. కొండల ముందున్న మైదానమే జాక్సన్ హోల్. 1929లో కొండల్ని, వాటి పాదాల దగ్గరున్న చెరువుల్ని కలిపి నేషనల్ పార్క్ చేశారు. 96,000 ఎకరాలు. దానికి స్థానికులు ఒప్పుకున్నారు. కొండ శిఖరం మీద పశువులు మేయవు కదా. అసలు పేచీ మైదానం దగ్గర వచ్చింది.

ఇది అర్థం కావాలంటే మన ఊరి బంచరాయి భూమిని గుర్తు తెచ్చుకోండి. రికార్డుల్లో అది సర్కారుదే. పట్టా ఎవరి పేరునా లేదు. కానీ తాతల కాలం నుంచి ఊరి పశువులు అక్కడే మేస్తున్నాయి, కట్టెలు అక్కడే కొట్టుకుంటున్నారు. ఒకరోజు తెల్లారేసరికి కలెక్టర్ బోర్డు పాతించాడనుకోండి: "ఇది రక్షిత ప్రాంతం, నిబంధనలు వర్తించును". భూమి ఎవరు లాక్కున్నారు? ఎవరూ లాక్కోలేదు. నిన్నా సర్కారుదే, ఇవాళా సర్కారుదే. అయినా ఊరు భగ్గుమంటుంది. ఎందుకంటే పట్టా లేకపోయినా అలవాటు ఉంది, ఆ అలవాటు మీద బతుకు నిలబడి ఉంది.

పశ్చిమ అమెరికా చాలా మేరకు ఇలాంటి బంచరాయే. వయోమింగ్ 1890లో రాష్ట్రమైనప్పుడు, ఎవరికీ కేటాయించని ప్రభుత్వ భూముల మీద మాకు ఎప్పటికీ హక్కు లేదని తన రాజ్యాంగంలోనే రాసుకుంది. యూటా కూడా రాష్ట్ర హోదా కోసం అదే ఒప్పుకుంది. కాబట్టి "మా రాష్ట్ర భూమి కేంద్రం గుంజుకుంది" అనే వాదన మొదటి మెట్టు దగ్గరే ఆగిపోతుంది. ఇది తెలియకుండా ఈ గొడవ గురించి ఏం మాట్లాడినా గాలిలో మేడే.

మరి బోర్డు పాతే అధికారం ఎవరిది? 1906 నాటి ఆంటిక్విటీస్ యాక్ట్ ప్రకారం, ఫెడరల్ (కేంద్ర ప్రభుత్వ) భూమిలో చారిత్రక, శాస్త్రీయ విలువ ఉన్నచోటును అధ్యక్షుడు ఒక్క ప్రకటనతో నేషనల్ మాన్యుమెంట్ చేయవచ్చు. కాంగ్రెస్‌ను, అంటే అమెరికా పార్లమెంటును, అడగక్కర్లేదు. ఊళ్లో సభ పెట్టాలని ఆ చట్టంలో లేదు. అవసరమైనంత తక్కువ విస్తీర్ణమే తీసుకోవాలని ఒక షరతు మాత్రం ఉంది. ఎంత అయితే తక్కువ అన్నదాని మీదే కోర్టుల్లో వాదనలు నడుస్తుంటాయి. మొట్టమొదటి మాన్యుమెంట్ కూడా వయోమింగ్‌లోదే, డెవిల్స్ టవర్.

ఇప్పుడు మన ఊళ్లోకి ఇంకో మనిషిని తెద్దాం. బంచరాయి మధ్యలో అక్కడక్కడా పట్టా భూములు కూడా ఉన్నాయి. పట్నం నుంచి ఒక పెద్ద ఆసామి వచ్చి, తన పేరు బయటపెట్టకుండా, వేరే కంపెనీ పేరుతో ఆ పట్టాలన్నీ ఒక్కొక్కటిగా కొంటున్నాడు. ఎందుకు కొంటున్నాడో ఎవరికీ తెలియదు.

జాక్సన్ హోల్‌లో ఆ ఆసామి, చమురు కుబేరుడి కొడుకు జాన్ డి. రాక్‌ఫెల్లర్ జూనియర్. 1926లో ఎల్లోస్టోన్ సూపరింటెండెంట్ హొరేస్ ఆల్‌బ్రైట్ ఆయన్ను ఈ మైదానానికి తీసుకొచ్చాడు. అంత అందమైన చోట రోడ్డు పక్కన హోర్డింగులు, పెట్రోల్ బంకులు, పాడుబడ్డ కట్టడాలు చూసి రాక్‌ఫెల్లర్ మనసు కష్టపడింది. తర్వాత స్నేక్ రివర్ ల్యాండ్ కంపెనీ పేరుతో దాదాపు 35,000 ఎకరాలు కొనిపించాడు. ఉద్దేశం మంచిదే: మొత్తం కొని దేశానికి ఉచితంగా ఇచ్చేయాలని. తన పేరు తెలిస్తే ధరలు ఆకాశానికి వెళ్తాయని దాచాడు. ఆ లెక్క నాకు అర్థమవుతుంది. కానీ 1930లో నిజం బయటపడేసరికి, అమ్మినవాళ్లకు తాము మోసపోయామనిపించింది. ఎవర్నీ బలవంతపెట్టలేదు, డబ్బు సరిగానే ఇచ్చారు. 1933లో సెనేట్ (కాంగ్రెస్ ఎగువ సభ) కమిటీ జాక్సన్‌కే వచ్చి విచారణ జరిపి, పెద్ద తప్పేమీ లేదని తేల్చింది. అయినా ఆ అనుమానం పోలేదు. ఈ కథలో నాకు అన్నిటికన్నా ముఖ్యంగా అనిపించేది ఇదే. ఆ తర్వాత ఏళ్ల తరబడి సాగిన గొడవకు ఈ దాపరికమే ఎరువు.

ఇంకో విచిత్రం. ఉచితంగా ఇస్తానన్నా ప్రభుత్వం తీసుకోలేకపోయింది, ఎందుకంటే పార్కును పెంచాలంటే కాంగ్రెస్ ఒప్పుకోవాలి, వయోమింగ్ ప్రతినిధులు ఒప్పుకోనివ్వలేదు. ఏళ్లు గడిచాయి. చివరికి రాక్‌ఫెల్లర్, మీరు తీసుకోకపోతే అమ్మేస్తానని కబురు పంపాడు. 1943 మార్చి 15న అధ్యక్షుడు ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్ సంతకం పెట్టాడు: జాక్సన్ హోల్ నేషనల్ మాన్యుమెంట్, 2,21,000 ఎకరాలకు పైగా. అందులో అధిక భాగం ముందే ఫెడరల్ భూమి. అంటే బంచరాయి మీద బోర్డు.

యుద్ధం నడుస్తున్న కాలం. ఒక వయోమింగ్ సెనేటర్ ఈ ప్రకటనను ఏకంగా జపాన్ చేసిన పెర్ల్ హార్బర్ దాడితో పోల్చాడు. మే నెలలో పశువుల ఆసాములు ఐదు వందలకు పైగా పశువుల్ని అనుమతి అడక్కుండా మాన్యుమెంట్ మీదుగా తోలుకెళ్లారు. హాలీవుడ్ నటుడు వాలెస్ బీరీ కూడా గుర్రమెక్కి వాళ్లతో వెళ్లాడు. అధికారులు అడ్డుపడలేదు. కానీ దేశమంతా పేపర్లలో ఫొటోలు వచ్చాయి, కావాల్సింది అదే.

ఇక్కడ ఆగి ఒక మాట చెప్పాలి, నా బంచరాయి పోలిక సరిగ్గా ఇక్కడే సరిపోదు. మన ఊళ్లో బడి, రోడ్డు ప్రధానంగా భూమి శిస్తు మీద నడవవు. అక్కడ కౌంటీకి, అంటే మన జిల్లా లాంటిదానికి, భూమి పన్నే ప్రాణం. ఫెడరల్ భూమి మీద కౌంటీ పన్ను వేయకూడదు. రాక్‌ఫెల్లర్ దగ్గరున్న వేల ఎకరాలు, ఆయన కంపెనీ చేతిలో ఉన్నంతకాలం పన్ను కడుతున్నాయి. దేశానికి రాసిచ్చిన మర్నాడు ఆ పన్ను సున్నా. బడి పంతులు జీతం ఎక్కణ్ణుంచి వస్తుంది? ఆసుపత్రికి వెళ్లే రోడ్డు మీద మంచు ఎవరు తీయిస్తారు? అభ్యంతరం చెప్పిన ప్రతివాణ్నీ ప్రకృతి శత్రువు అనేవాళ్లు ఈ లెక్క ఒక్కసారి చూడాలి. ఇది గనుల కంపెనీ ప్రశ్న కాదు, కౌంటీ బడ్జెట్ రాసే మనిషి ప్రశ్న.

కాంగ్రెస్‌లో వయోమింగ్ ప్రతినిధి ఫ్రాంక్ బ్యారెట్ మాన్యుమెంట్‌ను రద్దు చేసే బిల్లు పెట్టాడు. 1944లో రెండు సభల్లోనూ నెగ్గింది. రూజ్‌వెల్ట్ సంతకం పెట్టకుండా దాన్ని చంపేశాడు. రాష్ట్రం కోర్టుకు వెళ్లింది, 1945లో ఓడిపోయింది. ఇది శాసనసభకూ అధ్యక్షుడికీ మధ్య తగాదా, మీరూ మీరూ తేల్చుకోండని జడ్జి చెప్పినట్టే. కాంగ్రెస్ మాత్రం ఆ మాన్యుమెంట్ నిర్వహణకు డబ్బు ఇవ్వనంది. బోర్డు ఉంది, కాపలాకు జీతం లేదు.

ఎలా తెగింది? బేరంతో. 1950 సెప్టెంబర్‌లో అధ్యక్షుడు ట్రూమన్ సంతకంతో మాన్యుమెంట్‌లో ఎక్కువ భాగం గ్రాండ్ టీటన్ పార్కులో కలిసింది, మొత్తం 3,10,000 ఎకరాలు. బదులుగా స్థానికులు ఏం తెచ్చుకున్నారో చూడండి. పోయే పన్నుకు కౌంటీకి ఏళ్ల తరబడి పరిహారం. అప్పటికే మేపుకుంటున్న కుటుంబాలకు మేత హక్కు కొనసాగింపు. ఎల్క్ జింకల సంఖ్య అదుపులో పెట్టేందుకు, లైసెన్సు ఉన్న వేటగాళ్లకు రేంజర్లుగా బాధ్యత ఇచ్చి పార్కులో వేటకు అనుమతి. మామూలుగా నేషనల్ పార్కులో ఇది ఊహించలేం. అన్నిటికన్నా పెద్దది: ఇకపై వయోమింగ్‌లో కాంగ్రెస్ ఒప్పుకోకుండా ఏ అధ్యక్షుడూ మాన్యుమెంట్ ప్రకటించకూడదు. ఆ షరతు ఇప్పటికీ చట్టంలో ఉంది.

అందుకే వ్యతిరేకులు ఓడిపోయారని నేను అనను. వాళ్లు అరిచారు కాబట్టే ఈ షరతులు వచ్చాయి. పార్కు వల్ల జాక్సన్ బాగుపడిందన్నదీ అంతే నిజం. ఆ పశువుల ఊరేగింపులో గుర్రమెక్కిన కౌంటీ కమిషనర్ క్లిఫ్ హాన్సెన్ తర్వాత గవర్నర్ అయ్యాడు, సెనేటర్ అయ్యాడు. మేం ఆ పోరాటం ఓడిపోవడమే మంచిదైందని ఆయనే బహిరంగంగా చెప్పాడు.

టైమ్ అయిపోతోంది, ఇలాంటి గొడవే నడిచిన యూటా సంగతి గబగబా చెప్పేస్తాను. 1996లో క్లింటన్ యూటాలోని గ్రాండ్ స్టెయిర్‌కేస్‌ను మాన్యుమెంట్‌గా ప్రకటించాడు, అదీ పక్క రాష్ట్రం అరిజోనాలో నిలబడి. ఆ కోపం అక్కడివాళ్లకు ఇంకా తీరలేదు, దాన్ని నేను తప్పుపట్టను. 2016లో ఒబామా అదే రాష్ట్రంలో బేర్స్ ఇయర్స్ ప్రకటించాడు, 13.5 లక్షల ఎకరాలు. 2017లో ట్రంప్ దాన్ని దాదాపు 85 శాతం కోసేశాడు. 2021లో బైడెన్ మళ్లీ కలిపాడు. ఇక్కడ "స్థానికులు" అంటే ఎవరన్నది ఇంకా చిక్కు ప్రశ్న. కౌంటీ నాయకుల్లో చాలామంది వద్దన్నారు. కావాలని అడిగింది నవాహో, హోపీ, జూనీ తెగలు, ఇంకా రెండు యూట్ తెగలు. వాళ్ల పూర్వీకుల ఇళ్లు, సమాధులు ఉన్న నేల అది. బంచరాయి మీద మొదట పశువులు మేపిన ఊరికన్నా ముందు అక్కడ ఇంకో ఊరు ఉంది.

అధ్యక్షుడు మాన్యుమెంట్‌ను రద్దు చేయగలడా? కుదరదని 1938లో అటార్నీ జనరల్ చెప్పారు. కుదురుతుందని 2025లో అమెరికా న్యాయశాఖ కొత్త అభిప్రాయం ఇచ్చింది. కోర్టు చెప్పాల్సిన చివరి మాట ఇంకా మిగిలే ఉంది.

మన దగ్గర కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లాలో పులుల కారిడార్ కోసం 2025 మేలో జీఓ 49 ఇచ్చారు. ఆదివాసుల ఆందోళన తర్వాత జులైలో ప్రభుత్వం దాన్ని నిలిపివేసింది. అది రాష్ట్ర ప్రభుత్వ ఉత్తర్వు, చట్టం వేరు, అక్కడి భూమి హక్కుల లెక్క కూడా వేరు. రెండింటినీ ఒకే గాట కట్టలేను కాబట్టి దాన్ని విడిగా, పూర్తిగా, వచ్చే వీడియోలో చెబుతాను.