లోటస్ ఎలాన్‌తో కాపురం: నడిపితే ఎలా ఉంటుంది, నిలబెట్టుకోవాలంటే ఏం చేయాలి

అందరికీ నమస్కారం. ఎలాన్ వీడియో ఎప్పుడని చాలామంది అడుగుతూనే ఉన్నారు. ఇదిగో, 1965 లోటస్ ఎలాన్, రెండో సిరీస్, బ్రిటిష్ స్పోర్ట్స్ కారు. మాటల్లోకి వెళ్ళేముందు ఒక చిన్న పని చేస్తాను, చూడండి. ఇంజన్ నడుస్తోంది. డాష్‌బోర్డు మీద ఈ నాబ్ కదిపాను. ముక్కు మీద మూసుకుని ఉన్న రెండు దీపాలూ లేచి నిలబడ్డాయి. ఇప్పుడు ఇంజన్ ఆపేస్తున్నాను. దీపాలు పైనే ఉన్నాయి కదా? వాటిని అలాగే వదిలేద్దాం. వీడియో చివర్లో మళ్ళీ ఇక్కడికే వచ్చి చూద్దాం. ఎందుకన్నది మధ్యలో చెప్తాను.

తెలియనివాళ్ళ కోసం నాలుగు ముక్కలు. ఎలాన్ 1962లో లండన్ మోటార్ షోలో బయటికొచ్చింది, 1973 దాకా తయారైంది. లోటస్ కంపెనీ పెట్టిన కాలిన్ చాప్‌మన్‌కి కారులో అక్కర్లేని బరువంటే అస్సలు పడేది కాదు. ఎలాన్‌ని డిజైన్ చేసింది రాన్ హిక్‌మన్. ఇంట్లో చెక్కపని చేసుకునేవాళ్ళు వాడే వర్క్‌మేట్ మడత బల్ల కనిపెట్టింది కూడా ఆయనే. కారు మధ్యలో వెన్నెముకలా ఒక ఉక్కు ఛాసిస్, అంటే చట్రం, దాని మీద ఫైబర్‌గ్లాస్ బాడీ. మొత్తం బరువు 680 కిలోలకు అటూ ఇటూ. ఇంజన్ 1558 సీసీ. కింది బ్లాక్ ఫోర్డ్‌ది, పైన హ్యారీ ముండీ డిజైన్ చేసిన ట్విన్ క్యామ్ హెడ్, అంటే వాల్వుల్ని తెరిచే క్యామ్ షాఫ్టులు రెండున్న పైభాగం. 105 హార్స్‌పవర్. అంకె చిన్నదే, కానీ అది లాగాల్సిన బరువు కూడా అంతే చిన్నది.

ఇప్పుడు మీరు చూస్తున్నది ఈ పొద్దున రోడ్డు మీద తీసిన క్లిప్. నా చేతులు గమనించండి. స్టీరింగ్‌కి వేళ్ళు ఆనించి ఉంచానంతే. పవర్ స్టీరింగ్ లేదు, దాని అవసరమూ లేదు. పాత తారు పోయి కొత్త తారు మొదలైన చోటు, టైరు తెల్లగీత ఎక్కిన క్షణం, నీళ్ళు పారి ఇసుక పేరుకున్న మలుపు, అన్నీ వేళ్ళకి తెలిసిపోతాయి. మెక్‌లారెన్ ఎఫ్1 అనే సూపర్‌కారుని డిజైన్ చేసిన గోర్డన్ ముర్రే, ఎలాన్ లాంటి స్టీరింగ్ తన కారుకి ఇవ్వలేకపోయానని బాధపడ్డారు. ఎలాన్ నడిపాక ఆ మాటకి అర్థం తెలిసింది.

స్పోర్ట్స్ కారంటే నడుము పట్టేయాల్సిందే అనుకుంటారు కదా. దీని స్ప్రింగులు మెత్తన. గతుకు వస్తే చక్రం లేచి దిగుతుంది, కూర్చున్న మనిషి కదలడు. నాలుగు చక్రాలకీ విడివిడి సస్పెన్షన్, నాలుగింటికీ డిస్క్ బ్రేకులు. 1962లో ఇది మామూలు సంగతి కాదు. 1989లో ఎమ్‌ఎక్స్-5 అనే చిన్న స్పోర్ట్స్ కారు తెచ్చిన మాజ్దావాళ్ళు ఈ కారుని దగ్గర పెట్టుకుని చదివారు. రెండూ నడిపితే ఆ చుట్టరికం మీకే తెలుస్తుంది.

క్లిప్‌లో బయల్దేరే చోటు మళ్ళీ చూపిస్తాను. క్లచ్ వదలగానే కారు ఒక్కసారి తటపటాయించి ఊగింది చూశారా? వెనక చక్రాలకి వెళ్ళే షాఫ్టుల్లో ఉక్కు జాయింట్లు ఉండవు. మధ్యలో కన్నమున్న మందపాటి రబ్బరు చక్రాలుంటాయి. ఒక్కో వైపు రెండు, మొత్తం నాలుగు. వాటిని రోటోఫ్లెక్స్ అంటారు. ఇంజన్ లాగగానే ముందు ఆ రబ్బరు మెలి తిరుగుతుంది, ఆ తర్వాతే చక్రం కదులుతుంది. క్లచ్ దబాయించి వదిలితే కారు కుప్పిగంతులు వేస్తుంది. నెమ్మదిగా వదిలితే పట్టులా సాగిపోతుంది. నాకు వారం పట్టింది అలవాటవడానికి.

ఈ రబ్బర్లని నేను ప్రతి రెండు నెలలకీ టార్చి పట్టుకుని చూస్తాను. బోల్టు దూరే ఇనప గొట్టం చుట్టూ రబ్బరు అతుక్కుని ఉంటుంది. పగులు అక్కడే మొదలవుతుంది, వెంట్రుకంత సన్నగా. గోరుతో తడిమితే దొరుకుతుంది. పట్టించుకోకుండా నడిపి, స్పీడులో ఉండగా అది తెగిందా, షాఫ్టు విడిపోయి చుట్టూ ఉన్నదాన్నల్లా బాదేస్తుంది. వీటిని తీసేసి సీవీ జాయింట్లు, అంటే ఇప్పటి కార్లలో ఉండే ఉక్కు జాయింట్లు, వేయించుకున్నవాళ్ళు ఉన్నారు. దూర ప్రయాణాలు చేసేవాళ్ళని నేను తప్పుపట్టను. నా కారుకి మాత్రం రబ్బరే ఉంటుంది. ఆ ఊగు పోతే ఇది ఇంకో కారైపోతుందని నా నమ్మకం.

ఇక దీపాల సంగతి. వీటిని పైకి లేపేది మోటారు కాదు, ఇంజన్ గాలి లాగే శక్తి, వ్యాక్యూమ్. దాన్ని నిల్వ చేసుకోవడానికి విడిగా ట్యాంకు పెట్టలేదు. ఛాసిస్ ముందు భాగంలో అడ్డంగా ఉన్న ఉక్కు పెట్టెనే అన్ని వైపులా మూసేసి ట్యాంకుగా వాడుకున్నారు. బరువు తగ్గించాలనే ఆలోచన అంత దూరం వెళ్ళింది. ఆ పెట్టె పక్కనే సస్పెన్షన్ నిలబడే స్తంభాలు ఉంటాయి. వాటి అడుగున నీళ్ళు పోయే చిన్న కన్నాలున్నాయి. మట్టితో అవి పూడుకుపోతే నీళ్ళు లోపలే నిలిచి, ఉక్కుని లోపలి నుంచి తినేస్తాయి. బయటికి ఏమీ కనపడదు. ఫైబర్ బాడీ తుప్పు పట్టదు, పెయింట్ మెరుస్తూనే ఉంటుంది. పైన పటారం, లోన లొటారం. ఇంజన్ ఆపిన కాసేపటికే దీపాలు వాలిపోతే, హోస్ పైపు కారుతూ ఉండాలి, లేదంటే ఆ పెట్టెకి తుప్పు చిల్లు పడి ఉండాలి. అందుకే మొదట్లో వాటిని లేపి వదిలేశాను. ఈ పరీక్ష పుస్తకం చూసి నేర్చుకున్నది కాదు. నాలాగే ఎలాన్ ఉన్న ఒక పెద్దాయన నేర్పారు.

ఆయన గురించి కొంచెం చెప్పాలి. కారు కొన్న కొత్తలో ఒక వర్క్‌షాపులో పూర్తి సర్వీసు చేయించాను. పనివాళ్ళు శ్రద్ధగానే చేశారు, కానీ ఈ కారు వాళ్ళకి కొత్త. ఆ తర్వాత ఎలాన్ ఓనర్లం కొందరం కలిసినప్పుడు, ఆ పెద్దాయన నా కారు చుట్టూ తిరిగి, ముందు చక్రం దగ్గర మోకాళ్ళ మీద కూర్చున్నారు. లోపల వేలు పెట్టి తీసి చూపించారు, వేలికి గ్రీజు. "బాబూ, ఇక్కడ గ్రీజు కొట్టకూడదు, నూనె పోయాలి" అన్నారు. దాన్ని ట్రనియన్ అంటారు. చక్రాన్ని మోసే నిలువు కమ్మీ అడుగు కొస, ఒక కంచు ముక్కలోకి స్క్రూ మరలాగా దిగి ఉంటుంది. స్టీరింగ్ తిప్పినప్పుడల్లా ఆ మర తిరుగుతుంది. దానికి ఈపీ 90 గేర్ ఆయిల్ పోయాలి. గ్రీజు గడ్డకట్టి ఆ మర సందుల్లోకి చేరదు, నీళ్ళు చేరతాయి. లోపల తుప్పు పట్టి ఒకరోజు ఆ కొస పుటుక్కున విరుగుతుంది, చక్రం పక్కకి పడిపోతుంది. కొండ నాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారే, సరిగ్గా అదే జరిగేది నాకు.

ఆ సాయంత్రమే రెండు వైపులా విప్పి కడిగాం. కుడివైపు మరలో గోధుమరంగు బురద. అదృష్టం, ఉక్కుకి ఇంకా గుంటలు పడలేదు. కొత్త నూనె పంపుతో కొడుతుంటే ముందు నల్లగా, తర్వాత టీ రంగులో, చివరికి తేనెలా తేటగా పైనుంచి ఉబికింది. తేటగా వచ్చేదాకా కొట్టాలి. ఇప్పుడు నెలకోసారి నేనే చేసుకుంటాను, పది నిమిషాల పని.

ఆ పెద్దాయన అంతటితో ఆగలేదు. బానెట్ ఎత్తించి, ఇంజన్ ముందున్న ఫ్యాన్ కప్పీని పైనా కిందా పట్టుకుని ఊపారు. టిక్ మని చిన్న చప్పుడు. బెల్టు మీద వేలితో నొక్కితే తీగలా గట్టిగా ఉంది. అదే సర్వీసులో బిగించారు. అంత బిగువు ఇక్కడ పనికిరాదు. వాటర్ పంప్ బేరింగ్ మీద భారం పడి అది అరిగిపోతుంది. అరగడం మొదలైతే కింది చిన్న కన్నంలోంచి కూలెంట్ చుక్క చుక్కగా కారుతుంది. నా కారు కారుతోంది కూడా, నేను రేడియేటర్ అనుకున్నాను.

వేరే కార్లలో అయితే వాటర్ పంప్ మార్చడం ఒక పూట పని. ఇందులో పంప్, ఇంజన్ ముందున్న టైమింగ్ చైన్ కవర్‌లోనే ఇమిడి ఉంటుంది. ఆ కవర్ పైన హెడ్‌కీ, కింద ఇంజన్ నూనె నిలిచే ఆయిల్ సంప్‌కీ మధ్య బిగుసుకుని ఉంటుంది. పద్ధతిగా చేయాలంటే రెండూ తీయాలి. నలుగురం కలిసి రెండు రోజులు చేశాం. ఒకరు ఇంజన్ ఎత్తే క్రేన్ తెచ్చారు. ఇంకొకరు వాల్వ్ సందులు కొలిచి కాగితం మీద రాసుకున్నారు. పెద్దాయన తన అల్మారాలోంచి కొత్త బేరింగ్, సీల్ వేసి సిద్ధంగా ఉంచిన ఒక కవర్ ఇచ్చారు. ఎత్తు కొలిచి, నా బ్లాక్‌కి సరిపోతుందని తేలాకే బిగించాం. నా పాత కవర్‌ని బాగుచేయించి అదే అల్మారాలో తిరిగి పెట్టాను. అది ఇప్పుడు ఇంకొకరి ఎలాన్‌లో తిరుగుతోంది. ఈ కారు కొంటానని ఎవరు అడిగినా నేను ముందు అడిగేది ఇదే: మీకు ఎలాన్ ఉన్నవాళ్ళు ఎవరైనా తెలుసా? తెలియకపోతే ముందు మనుషుల్ని వెతుక్కోండి, కారు తర్వాత.

కరెంటు సంగతి చిన్నగా చెప్తాను. బాడీ ఫైబర్ కాబట్టి కరెంటు తిరిగి వెళ్ళడానికి దారి ఉండదు. ప్రతి దీపానికీ సొంత ఎర్త్ వైరు కావాలి. ఇండికేటర్ వేస్తే వెనక దీపం కూడా మసగ్గా కొట్టుకుంటోందంటే బల్బు మార్చకండి, ఎర్త్ జాయింటు విప్పి గరుకు కాగితంతో రుద్దండి. పది ఫిర్యాదుల్లో ఎక్కువ భాగం అక్కడే తీరిపోతాయి.

పెట్రోల్ విషయంలో మాత్రం రాజీ పడొద్దు. పెట్రోల్‌ని గాలితో కలిపే వెబర్ కార్బురేటర్లు పైన, స్పార్క్ పంచే డిస్ట్రిబ్యూటర్ సరిగ్గా వాటి కింద. పైనుంచి పెట్రోల్ చుక్క పడితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు, ఫైబర్ బాడీ అంటుకుంటే ఆగదు. ఇథనాల్ కలిసిన ఇప్పటి పెట్రోల్ పాతరకం రబ్బరు గొట్టాలని పాడుచేస్తుంది. పెట్రోల్ పైపులన్నీ ఇథనాల్‌ని తట్టుకునే రకంవి వేయించాను. మంటలార్పే సిలిండర్ సీటు పక్కనే, చెయ్యి చాపితే అందేచోట ఉంటుంది. దీన్ని చాదస్తమనుకుంటే అనుకోండి, నేను తీయను.

కొనేవాళ్ళు పెయింటుకి పడిపోకండి. బాడీ మీద సాలెగూడులా సన్నటి పగుళ్ళు కనిపిస్తే అవి జెల్‌కోట్‌వి, అంటే ఫైబర్ మీది పై పూతవి, బాగుచేసుకోవచ్చు. చూడాల్సింది కింద. కారుని స్టాండ్ల మీదకెత్తి ఛాసిస్ ముందు భాగం చూడండి. ఎవరైనా జింక్ పూత పూసిన కొత్త ఛాసిస్ వేయించి ఉంటే, అసలుది పోయిందని బేరమాడకండి. నా లెక్కలో అదే మంచి కారు. ఒరిజినల్ ముక్కలే ఉండాలని పట్టుబట్టేవాళ్ళతో నాకిక్కడే తేడా వస్తుంది. రబ్బరు రోటోఫ్లెక్స్ ఉంచుకున్నాను, ఎందుకంటే అది ఈ కారు నడక. తుప్పు పట్టిన ఛాసిస్ మీద మాత్రం ఒక్క కిలోమీటరు కూడా నడపను, పక్క సీట్లో ఇంకో మనిషి కూర్చుంటారు.

సరే, ముందుకి వద్దాం. కెమెరా దగ్గరికి తెస్తున్నాను. చూడండి, రెండు దీపాలూ ఒక వేలెడు కిందికి దిగాయి. పోయిన నెల ఇంతసేపు ఉంచితే కదల్లేదు. ఛాసిస్‌ని అప్పుడే లోపల కెమెరా గొట్టం పెట్టి చూశాం, శుభ్రంగా ఉంది. కాబట్టి ఏదో ఒక హోస్ గట్టిపడి చివర పగిలి ఉంటుంది. ఇంజన్ స్టార్ట్ చేసి, ఒక్కో జాయింటు దగ్గరా చెవి పెట్టి బుస్సుమనే చప్పుడు ఎక్కడొస్తుందో వెతకాలి. అది దొరికాక ఆ ముక్కని మీకు చూపిస్తాను. ఉంటాను.