మాడ్యూల్ డాక్‌స్ట్రింగ్‌లో ఏం రాయాలి? పైథాన్ ఉదాహరణలతో వివరణ

తెరపై: ఎడిటర్‌లో తెరిచిన ఒక పైథాన్ ఫైలు. కింద పది పన్నెండు ఫంక్షన్లు, ఒక్కొక్క దానికి చక్కని డాక్‌స్ట్రింగ్, అంటే కోడ్‌లోనే రాసిపెట్టిన వివరణ. ఫైలు మొదట్లో మాత్రం ఏమీ లేదు.

వ్యాఖ్యానం: నమస్కారం. ఒక లైబ్రరీలోని ప్రతి ఫంక్షన్‌కూ ఓపికగా వివరణ రాసేవారు కూడా, ఆ ఫంక్షన్లన్నిటినీ ఒకచోట చేర్చిన మాడ్యూల్ దగ్గరికి వచ్చేసరికి తరచుగా కలం ఆపేస్తారు. లేదా ఫైలు పేరునే వాక్యంగా మార్చి పెట్టి, పని పూర్తయిందనుకుంటారు. కానీ ఏ ఒక్క ఫంక్షన్‌కూ చెందకుండా, అన్నిటికీ వర్తించే సంగతులు కొన్ని ప్రతి మాడ్యూల్‌లోనూ ఉంటాయి. అవి రాయడానికి మాడ్యూల్ డాక్‌స్ట్రింగ్ తప్ప వేరే తగిన చోటు లేదు. ఆ సంగతులను ఎలా గుర్తించాలో, వాటిని ఎలా రాయాలో ఈ వీడియోలో చూద్దాం.

తెరపై: ఫైలు పైభాగం. మూడేసి డబుల్ కోట్‌ల మధ్య ఒక వాక్యం, దాని కింద ఇంపోర్ట్ వరుసలు.

వ్యాఖ్యానం: ముందుగా నియమం. పైథాన్‌లో డాక్‌స్ట్రింగ్ ఎలా ఉండాలో చెప్పే పత్రం పెప్ 257. దీనిని 2001లో డేవిడ్ గుడ్జర్, గైడో వాన్ రోసమ్ రాశారు. మాడ్యూల్‌లో మొట్టమొదటి స్టేట్‌మెంట్‌గా వచ్చే స్ట్రింగే దాని డాక్‌స్ట్రింగ్ అవుతుంది. హాష్ గుర్తుతో మొదలయ్యే లైసెన్స్ వరుసలు దాని పైన ఉన్నా నష్టం లేదు గానీ, ఒక్క ఇంపోర్ట్ వరుస ముందు పడినా ఆ స్ట్రింగ్‌కు ఆ హోదా పోతుంది. కోడ్ మామూలుగానే నడుస్తుంది, ఎర్రర్ ఏమీ రాదు, డాక్‌స్ట్రింగ్‌లను చూపించే హెల్ప్ ఫంక్షన్‌ను పిలిస్తే మాత్రం మీరు రాసిన వివరణ కనిపించదు. ఈ పొరపాటు ఎవరి కంటా పడకుండా చాలాకాలం ఉండిపోగలదు కాబట్టి, మాడ్యూల్ రాసిన వెంటనే ఒకసారి ఇంపోర్ట్ చేసి హెల్ప్ పిలిచి చూసుకోవడం మంచిది.

రూపం విషయంలో పెప్ 257 కోరేది తక్కువే. మొదటి వరుసలో ఒక సారాంశ వాక్యం, తరువాత ఒక ఖాళీ వరుస, ఆ తరువాత వివరణ. అసలు కష్టం రూపంలో లేదు, విషయంలో ఉంది. అందుకు పైథాన్‌తో పాటే వచ్చే రెండు మాడ్యూళ్లను పక్కపక్కన పెట్టి చూద్దాం.

తెరపై: టెర్మినల్. హీప్‌క్యూ మాడ్యూల్‌ను ఇంపోర్ట్ చేసి హెల్ప్ పిలిచాం. వివరణ మెల్లగా పైకి జరుగుతుంది.

వ్యాఖ్యానం: మొదటిది హీప్‌క్యూ. ఇది మామూలు పైథాన్ లిస్ట్‌నే హీప్‌గా, అంటే అతి చిన్న విలువ వెంటనే దొరికే అమరికగా, వాడుకోవడానికి ఫంక్షన్లను ఇస్తుంది. దీని డాక్‌స్ట్రింగ్ మొదటి వరుసలోనే ప్రయారిటీ క్యూ అనే మరో పేరు కూడా చెబుతుంది, ఎందుకంటే వెతుక్కుంటూ వచ్చేవారిలో చాలామందికి ఆ పేరే తెలిసి ఉంటుంది. తరువాతి మాట హీప్ పాటించే షరతు: కే అనే స్థానంలోని విలువ, రెండింతల కే ప్లస్ ఒకటి, రెండింతల కే ప్లస్ రెండు అనే స్థానాల్లోని విలువల కంటే పెద్దది కాకూడదు. ఈ షరతు విలువను చేర్చే పుష్‌కు మాత్రమే చెందినది కాదు, విలువను తీసే పాప్‌కు మాత్రమే చెందినదీ కాదు. అన్ని ఫంక్షన్లూ దానినే నమ్ముకుని పనిచేస్తాయి, అన్నీ దానినే కాపాడతాయి. అందుకే దాని చోటు మాడ్యూల్ డాక్‌స్ట్రింగ్.

తెరపై: డాక్‌స్ట్రింగ్‌లోని వాడుక భాగం. ఒక్కొక్క వరుసలో ఎడమవైపు కోడ్, కుడివైపు చిన్న వివరణ.

వ్యాఖ్యానం: దీని కింద వాడుక ఉంది. ఖాళీ లిస్ట్ తీసుకోవడం, అందులోకి ఒక విలువ చేర్చడం, అతి చిన్న విలువను తీయడం, తీయకుండా సున్నా స్థానంలో ఉన్నదాన్ని చూడడం, ఉన్న లిస్ట్‌ను ఉన్నచోటనే హీప్‌గా మార్చడం. ఈ చివరి పని లిస్ట్ పొడవుకు అనుపాతమైన కాలంలో జరుగుతుందని కూడా అక్కడే రాశారు. ఫంక్షన్ల పేర్లను అక్షరక్రమంలో పేర్చకుండా, వాడేవారి చేతులు ఏ వరుసలో కదులుతాయో ఆ వరుసలో చూపించారు. మాడ్యూల్ డాక్‌స్ట్రింగ్ అందులోని క్లాసులు, ఎక్సెప్షన్లు, ఫంక్షన్లను ఒక్కొక్క వరుస సారాంశంతో పేర్కొనాలని పెప్ 257 చెబుతుంది. హెల్ప్ ఎలాగూ ఆ పట్టికను తానే తయారు చేసి చూపిస్తుంది కాబట్టి, చేత్తో రాసిన పట్టిక కంటే ఇలాంటి వాడుక వరుసే చదివేవారికి ఎక్కువ మేలు చేస్తుందని నా అభిప్రాయం. చేత్తో రాసిన పట్టికకు ఇంకో చిక్కు కూడా ఉంది: కొత్త ఫంక్షన్ చేర్చిన రోజున దాన్ని సవరించాలని గుర్తుపెట్టుకునేవారు తక్కువ.

ఇక నాకు ఈ డాక్‌స్ట్రింగ్‌లో అన్నిటికంటే నచ్చిన భాగం దీని తరువాత వస్తుంది. పాఠ్యపుస్తకాల్లో చదువుకున్న హీప్‌కూ ఈ మాడ్యూల్ హీప్‌కూ తేడా ఎక్కడుందో స్పష్టంగా రెండు అంశాల్లో చెబుతుంది: ఇక్కడ లెక్క సున్నా నుంచి మొదలవుతుంది, పాప్ చేస్తే అతి చిన్న విలువ వస్తుంది గానీ అతి పెద్దది కాదు. అంతటితో ఆగకుండా, ఈ రెండు నిర్ణయాల వల్ల కలిగే మేలు కూడా చెబుతుంది. అతి చిన్న విలువ ఎప్పుడూ సున్నా స్థానంలోనే ఉంటుంది, లిస్ట్‌ను సార్ట్ చేసినా హీప్ షరతు చెడదు. చదివేవారు ఏ అంచనాతో వస్తారో ఊహించి, ఆ అంచనా ఎక్కడ తప్పుతుందో ముందే చెప్పడం డాక్యుమెంటేషన్ రాసేవారు నేర్చుకోదగిన నైపుణ్యాల్లో ముఖ్యమైనది.

హీప్ వెనుక ఉన్న సిద్ధాంతం, టోర్నమెంట్ పోలికలు, షెడ్యూలర్లలో దాని ఉపయోగం వంటివన్నీ ఆ ఫైలులో ఉన్నాయి గానీ, డాక్‌స్ట్రింగ్‌లో లేవు. వాటిని అబౌట్ అనే వేరే వేరియబుల్‌లో ఉంచారు. పని మీద వచ్చినవారికి దారి అడ్డం కాకుండా, లోతుగా తెలుసుకోవాలనుకునేవారికి అందుబాటులో ఉండే ఏర్పాటు అది. పైథాన్ 3.14లో అతి పెద్ద విలువను ముందుగా ఇచ్చే ఫంక్షన్లు కూడా ఈ మాడ్యూల్‌లో చేరాయి. ఇలాంటి చేర్పు ఏ లైబ్రరీలో జరిగినా, కొత్త ఫంక్షన్‌కు వివరణ రాయడంతో సరిపెట్టకుండా, మాడ్యూల్ మొత్తానికి వర్తిస్తుందని ఇంతకుముందు రాసిన వాక్యాలు ఇంకా నిజమేనా అని ముందు చూసుకోవాలి.

తెరపై: బైసెక్ట్ మాడ్యూల్ ఫైలు. పైన ఒకే ఒక్క వరుస.

వ్యాఖ్యానం: రెండవది బైసెక్ట్. సార్ట్ చేసి ఉన్న లిస్ట్‌లో కొత్త విలువ ఎక్కడ చేరాలో వెతికే మాడ్యూల్ ఇది. దీని డాక్‌స్ట్రింగ్ మొత్తం కలిపి రెండు మాటలు: బైసెక్షన్ అల్గారిథమ్స్. పైథాన్ వెబ్ డాక్యుమెంటేషన్‌లో దీనికి మంచి వివరణ ఉంది, ఫంక్షన్ల డాక్‌స్ట్రింగ్‌లూ బాగున్నాయి. అయితే ఆ ఫంక్షన్ల డాక్‌స్ట్రింగ్‌లు వరుసగా చదివితే ఒక సంగతి బయటపడుతుంది. ముఖ్యమైన నాలుగింటిలోనూ ఒకే షరతు మళ్లీ మళ్లీ కనిపిస్తుంది: ఇచ్చిన లిస్ట్ ముందే సార్ట్ అయి ఉందని అనుకుంటున్నాం అని.

తెరపై: తొమ్మిది, రెండు, ఏడు ఉన్న లిస్ట్. ఇన్‌సార్ట్ ఫంక్షన్‌తో అయిదును చేర్చాం. ఫలితం: తొమ్మిది, రెండు, అయిదు, ఏడు.

వ్యాఖ్యానం: సార్ట్ చేయని లిస్ట్ ఇస్తే ఏమవుతుందో చూడండి. ఎర్రర్ రాలేదు. అయిదు ఎక్కడో ఒకచోట చేరింది, లిస్ట్ మాత్రం క్రమంలో లేదు. మాడ్యూల్‌ను తప్పుపట్టడానికి లేదు. లిస్ట్ మొత్తాన్ని తనిఖీ చేస్తే, సగం సగం చేస్తూ వెతికే బైసెక్షన్ వల్ల వచ్చే వేగమే పోతుంది. అందుకే ఆ తనిఖీ బాధ్యత వాడేవారిదని మాడ్యూల్ స్థాయిలో ఒక్కసారి గట్టిగా చెప్పాలి. మీ సొంత కోడ్‌లోనూ ఈ పద్ధతి పనికొస్తుంది: ఒకే వాక్యం మూడు నాలుగు ఫంక్షన్ల కింద కనిపిస్తే, అది మాడ్యూల్ డాక్‌స్ట్రింగ్‌లోకి రావలసిన వాక్యం. ఫంక్షన్ల దగ్గర నుంచి తీసేయమని కాదు, అక్కడ క్లుప్తంగా ఉంచి, పూర్తి వివరణ పైన రాయాలి.

తెరపై: కొత్త ఫైలు. పేరు: అక్షరాలు. మొదటి వరుస: తెలుగు టెక్స్ట్ కోసం ఉపయోగపడే ఫంక్షన్లు.

వ్యాఖ్యానం: ఇప్పుడు మనమే ఒకటి రాద్దాం. తెలుగు పాఠాన్ని అక్షరాలుగా విడదీసి లెక్కపెట్టే చిన్న మాడ్యూల్ అనుకోండి. తెరపై ఉన్న వాక్యంలో అబద్ధం లేదు, కానీ లిపిని మార్చే మాడ్యూల్‌కూ, స్పెల్లింగ్ చూసే మాడ్యూల్‌కూ కూడా అదే వాక్యం అతుకుతుంది. ఏ మాడ్యూల్‌కైనా అతికే వాక్యం ఈ మాడ్యూల్ గురించి ఏమీ చెప్పనట్టే. దీన్ని ఇలా మారుద్దాం: తెలుగు పాఠాన్ని, ఒత్తులూ గుణింతపు గుర్తులూ వేరుపడకుండా, అక్షరాలుగా విడదీసి లెక్కపెట్టే మాడ్యూల్.

తెరపై: స్త్రీ అనే మాట. దాని కింద ఆరు గడుల్లో స, పొల్లు గుర్తు, త, పొల్లు గుర్తు, ర, ఈత్వం.

వ్యాఖ్యానం: తరువాతి పేరా, ఈ మాడ్యూల్‌లో అక్షరం అంటే ఏమిటో చెప్పాలి. స్త్రీ అనే మాటను పైథాన్ లెన్ ఫంక్షన్‌కు ఇస్తే ఆరు అని చెబుతుంది, ఎందుకంటే అది యూనికోడ్ గుర్తులను లెక్కపెడుతుంది. బడిలో చదువుకున్న పిల్లలను అడిగితే ఒకటి అంటారు. యూనికోడ్ వారి పాఠ విభజన నియమాల ప్రకారం చూస్తే, 2023లో వచ్చిన 15.1 వెర్షన్‌కు ముందు ఇదే మాట మూడు ముక్కలయ్యేది. ఆ వెర్షన్‌లో తెలుగుతో సహా కొన్ని భారతీయ లిపుల సంయుక్తాక్షరాలు విడిపోకుండా కొత్త నియమం చేర్చాక ఒకటిగా నిలిచింది. అంటే ఒకే మాటకు మూడు జవాబులు, మూడింటికీ ఆధారం ఉంది. మన మాడ్యూల్ దేనిని ఎంచుకుందో డాక్‌స్ట్రింగ్‌లో చెప్పకపోతే, వాడేవారు కోడ్ చదివి తెలుసుకోవలసిందే. కాబట్టి ఇలా రాస్తాం: ఇక్కడ అక్షరం అంటే యూనికోడ్ 15.1 విభజన నియమం ప్రకారం వచ్చే ఒక యూనిట్. స్త్రీ ఒక అక్షరం.

ఆ తరువాత, ఇన్‌పుట్ ఎలా ఉండాలో చెప్పాలి. ఐత్వాన్ని యూనికోడ్‌లో ఒకే గుర్తుగా రాయవచ్చు, లేదా ఎత్వం, ఐత్వపు పొడవు గుర్తు అని రెండు గుర్తులుగానూ రాయవచ్చు. తెరపై రెండూ ఒకేలా కనిపిస్తాయి, పోల్చి చూస్తే పైథాన్ మాత్రం వేరువేరు అంటుంది. మన మాడ్యూల్ వాటిని ఏకం చేయదు కాబట్టి, ఆ మాట సూటిగా రాసి, ముందే ఎన్‌ఎఫ్‌సీ అనే, ఇలాంటి గుర్తులను కలిపి ఒకటిగా రాసే యూనికోడ్ ప్రామాణిక రూపంలోకి మార్చుకోవాలని, అందుకు యూనికోడ్‌డేటా మాడ్యూల్‌లో నార్మలైజ్ ఫంక్షన్ ఉందని దారి చూపుదాం. సాఫ్ట్‌వేర్ వంటి మాటల్లో ట కింద వత్తు పడకుండా మనం పెట్టే, కంటికి కనిపించని విభజక గుర్తు గురించి కూడా ఒక వాక్యం అవసరం: దాన్ని మాడ్యూల్ తొలగించదు, విడిగా లెక్కపెట్టదు, ముందున్న అక్షరంతోనే ఉంచుతుంది.

తెరపై: వచ్చెన్. కింద రెండు వరుసలు. మొదటి వరుసలో మూడు ముక్కలు, రెండవ వరుసలో రెండు.

వ్యాఖ్యానం: ఇక చివరిగా, మాడ్యూల్ చేయని పని. తెలుగు అక్షరాలను లెక్కపెట్టే మాడ్యూల్ అనగానే, పద్యాలతో పనిచేసేవారు దీన్ని ఛందస్సుకు వాడుకోవచ్చనుకోవడం సహజం. కానీ వచ్చెన్ అనే మాటకు మన మాడ్యూల్ మూడు అంటుంది. ఛందస్సులో చివరి పొల్లు నకారం విడి అక్షరం కాదు, ముందున్న అక్షరాన్ని గురువు చేస్తుంది, లెక్క రెండే. అందువల్ల డాక్‌స్ట్రింగ్‌లో స్పష్టంగా రాయాలి: ఈ మాడ్యూల్ గురులఘువులను నిర్ణయించదు, దీని లెక్కను గణ విభజనకు వాడకూడదు. ఇలా హద్దు చెప్పడం మాడ్యూల్ విలువను తగ్గించదు. ఒక పద్యం గణాలు ఎందుకు తప్పుతున్నాయో తెలియక గంటల తరబడి తల పట్టుకునే వ్యక్తికి అది ఎంతో మేలు.

ఎవరు రాశారు, ఎప్పుడు మార్చారు, ఏ బగ్ సరిచేశారు అనే వివరాలు ఇక్కడ వద్దు, వాటిని కోడ్ మార్పుల చరిత్రను భద్రపరిచే గిట్ చూసుకుంటుంది. లోపల ఏ లూప్ ఎలా తిరుగుతుందో కూడా వద్దు, అది ఆ కోడ్ పక్కన కామెంట్‌గా ఉంటే చాలు. ఇతర భాషల్లో రూపం మారుతుంది గానీ పని ఇదే. రస్ట్‌లో రెండు స్లాష్‌లు, ఒక ఆశ్చర్యార్థకంతో మొదలయ్యే వరుసలు మాడ్యూల్ వివరణ అవుతాయి. గోలో ప్యాకేజీ కామెంట్ ప్యాకేజ్ అనే పదంతో, దాని పేరుతో మొదలవడం ఆచారం. ఎలిక్సిర్‌లో మాడ్యూల్‌డాక్ అనే యాట్రిబ్యూట్ ఉంది, దానికి ఫాల్స్ అని ఇస్తే ఆ మాడ్యూల్ బయటివారి కోసం కాదని అర్థం.

తెరపై: డాక్‌స్ట్రింగ్ చివర మూడు గ్రేటర్‌దాన్ గుర్తుల తరువాత స్త్రీ మాటతో ఒక ఉదాహరణ. దాని కింద జవాబు: 1.

వ్యాఖ్యానం: రాసిన ఉదాహరణ నిజమో కాదో కంప్యూటరే చూసిపెట్టగలదు. 2001లో పైథాన్ 2.1తో వచ్చిన డాక్‌టెస్ట్ మాడ్యూల్, డాక్‌స్ట్రింగ్‌లో ఇలా ఉన్న ఉదాహరణలను నడిపి, వచ్చిన జవాబును మనం రాసిన జవాబుతో పోలుస్తుంది. అన్నీ సరిపోతే ఏమీ ప్రింట్ చేయదు, సరిపోకపోతే ఆశించినది, వచ్చినది రెండూ చూపిస్తుంది. స్త్రీకి ఒకటి, వచ్చెన్‌కు మూడు అనే రెండు ఉదాహరణలు మన డాక్‌స్ట్రింగ్‌లో ఉండి, లైబ్రరీ టెస్ట్‌లతో పాటు డాక్‌టెస్ట్ కూడా ప్రతిసారీ నడుస్తుంటే, రేపు ఎవరైనా లోపలి విభజన కోడ్‌ను పాత నియమం పాటించే మరో దానితో మార్చినప్పుడు, స్త్రీకి మూడు వచ్చిందని ఆ టెస్ట్ వెంటనే చెబుతుంది. అప్పుడు కోడ్‌ను సరిచేయాలా, అక్షరానికి ఇచ్చిన నిర్వచనాన్నే మార్చి కొత్త వెర్షన్‌గా విడుదల చేయాలా అన్నది, ఆ డాక్‌స్ట్రింగ్‌ను ముందు పెట్టుకుని తేల్చుకోవచ్చు.